బుర్రకు మళ్లీ సాన

పాఠకుల ప్రశ్నలు - జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకే బాధ చెప్పుకున్నాయి. చదువుకో పనికో ఏళ్లకేళ్లు దూరమై, లేదా మంచాన పడి, మెదడు మొద్దుబారిందని. వాటిలో ఐదింటికి ఇక్కడ జవాబులిస్తున్నాం.

ప్రశ్న: ఎస్వీ యూనివర్సిటీలో ఎమ్మే చరిత్ర చదివాను. పెళ్లి, ఇద్దరు పిల్లలు. ఏడేళ్లుగా పుస్తకం ముట్టలేదు. ఇప్పుడు గ్రూప్-2కు కూర్చుంటే పేజీ చివరికొచ్చేసరికి మొదట్లో ఏముందో గుర్తుండటం లేదు. పదిహేడు ఆర్లు ఎంతంటే చెయ్యి ఫోన్ మీదికి పోతోంది. వయసు 33. ఇక నా వల్ల కాదా?
- ఒక గృహిణి, తిరుపతి

జవాబు: చదివింది చాలావరకు లోపలే ఉంది, దాన్ని బయటికి తీసే దారి పూడిపోయింది. పూర్తిగా మరిచిపోయామనుకున్న పాఠాన్ని రెండోసారి నేర్చుకోవడానికి మొదటిసారి పట్టినంత సమయం పట్టదని ఎబ్బింగ్‌హౌస్ అనే జర్మన్ శాస్త్రవేత్త తన మీద తానే ప్రయోగాలు చేసుకుని 1885లోనే లెక్కగట్టి చూపించాడు. కాబట్టి కొత్త సబ్జెక్టు జోలికి పోకుండా, ఎమ్మేలో చదివిన చరిత్రతోనే మొదలుపెట్టండి.

చాలామంది చేసే పొరపాటు చదివిందే మళ్లీ చదవడం, రంగు పెన్నుతో గీతలు గీయడం. రెండోసారి చదివేటప్పుడు ప్రతి వాక్యమూ తెలిసిన ముఖంలా కనిపించి, వచ్చేసిందనిపిస్తుంది. పుస్తకం మూస్తే పేరు తట్టదు. పరీక్షలో కావలసింది తట్టడమే, అందుకని సాధన కూడా దానికే చేయాలి.

మొదటి వారం రోజుకు రెండు విడతలు చాలు, ఒక్కోటి 25 నిమిషాలు. అందులో 15 నిమిషాలు చదవండి, మూడు నాలుగు పేజీలు మించొద్దు. పుస్తకం మూసి 7 నిమిషాలు చిత్తుకాగితం మీద గుర్తున్నదంతా రాయండి. వాక్యాలు అక్కర్లేదు, ముక్కలు చాలు. ఏమీ రాకపోయినా ఆ 7 నిమిషాలూ పుస్తకం తెరవొద్దు, ఆ తడుములాటలోనే పని జరుగుతుంది. చివరి 3 నిమిషాలు పుస్తకం చూసి, వదిలేసినవి ఎర్ర సిరాతో చేర్చండి. పదింటికి మూడు వస్తే కంగారుపడకండి, మొదట్లో అంతే వస్తాయి. కాగితం పైన తేదీ వేసి, అదే పాఠాన్ని మర్నాడు, 3వ రోజు, 7వ రోజు, 16వ రోజు మళ్లీ ఇలాగే ముందు రాసి తర్వాత చూడండి. తేదీ వేయకపోతే మూడో రోజుది పదో రోజుకు జారుతుంది. రెండో వారం విడత 35 నిమిషాలు, మూడో వారం 45. అంతకు మించి సాగదీయకుండా లేచి ఐదు నిమిషాలు తిరగండి. తెల్లవారి నాలుగు నుంచి రాత్రి పది దాకా టైంటేబుల్ రాసి గోడకు అంటించేవాళ్లు సాధారణంగా నాలుగో రోజుకే దాని వంక చూడటం మానేస్తారు.

ఇక లెక్కలు. బడిలో నేర్పిన కుడి నుంచి ఎడమకు పద్ధతి కాగితానికి పనికొస్తుంది. నోటిలెక్క ఎడమ నుంచి చేయాలి: పది ఆర్లు 60, ఏడు ఆర్లు 42, మొత్తం 102. ఐదుతో గుణించాలంటే సున్నా చేర్చి సగం చేయండి, 46 అయితే 460, సగం 230. 12 నుంచి 19 దాకా ఎక్కాలు రోజుకొకటి, వంట చేస్తూ పైకి, కిందికి అప్పజెప్పుకోండి. రైతుబజారులో ఫోన్ సంచిలోనే ఉంచండి. టమోటా 28 లెక్కన రెండు కిలోలు, బెండకాయ 36 లెక్కన కిలోన్నర: 56, 54, వెరసి 110. అమ్మే మనిషికంటే ముందు మీరు చెప్పాలి. మొదటి పది రోజులూ ఆమే గెలుస్తుంది లెండి.

2023 నోటిఫికేషన్ ప్రకారం స్క్రీనింగ్ పరీక్షలో 150 ప్రశ్నలకు 150 నిమిషాలు, తప్పుకు మూడో వంతు మార్కు కోత. ఈ కోత వల్ల తొందరపాటు ఖరీదైన తప్పవుతుంది. మొదటి నెల గడియారం చూడకుండా తప్పులు తగ్గించండి. రెండో నెలలో 30 ప్రశ్నలు 40 నిమిషాల్లో, తర్వాత 35, ఆపైన 30. పిల్లలు పడుకున్నాక చదువుతాననే వాళ్లు నిద్రను ఏడు గంటల కిందికి తేవొద్దు. పగలు చదివింది మెదడులో కుదురుకునేది నిద్రలోనే. సాయంత్రం నాలుగు తర్వాత కాఫీ మానండి, తాగిన కాఫీలో సగం కెఫీన్ ఐదారు గంటల దాకా ఒంట్లోనే ఉంటుంది.

ప్రశ్న: మా నాయనకు 68 ఏళ్లు. మోటార్‌సైకిల్ మీద నుంచి పడి కాలు విరిగింది. పుత్తూరు కట్టు కట్టించాం, మూడు నెలలు మంచంలో ఉన్నాడు. ఎముక అతుక్కుంది. మామిడికాయల లెక్క వేళ్ల మీద చెప్పే మనిషి ఇప్పుడు ఏ వారమంటే తడుముకుంటున్నాడు. షుగర్, బీపీ ఉన్నాయి. ఏం చేసేది?
- పూతలపట్టు

జవాబు: ఈ ఉత్తరంలో మాకు ముందు కనిపించింది కాలు కాదు, పడటం. పడినప్పుడు తలకు దెబ్బ తగిలిందేమో గుర్తు చేసుకోండి. పెద్దవాళ్లలో చిన్న దెబ్బకు కూడా పుర్రె లోపల రక్తం నెమ్మదిగా చేరి, వారాల తర్వాత మతిమరుపుగా, తలనొప్పిగా, మగతగా, నడకలో తూలుడుగా బయటపడుతుంది. సీటీ స్కాన్‌లో తెలిసిపోతుంది, వైద్యం ఉంది. ఆయన పరీక్ష దీనితో మొదలు కావాలి.

రెండోది, ఈ మార్పు ఎంత కాలంలో వచ్చింది? రెండు మూడు రోజుల్లో వచ్చి, ఉదయం తేరుకుని సాయంత్రానికి అయోమయం ముదురుతుంటే ఆ రోజే ఆస్పత్రికి తీసుకెళ్లాలి. మూత్రంలో ఇన్ఫెక్షన్, ఒంట్లో నీరు చాలకపోవడం, సోడియం పడిపోవడం ఇలాగే కనిపిస్తాయి. బీపీ మాత్రలో హైడ్రోక్లోరోథయజైడ్ ఉంటే సోడియం తగ్గే అవకాశం ఎక్కువ.

నెలల మీద నెమ్మదిగా వచ్చి ఉంటే మాత్రల అట్టలన్నీ ఒక సంచిలో వేసి డాక్టరు ముందు గుమ్మరించండి. నొప్పికిచ్చిన ట్రమడాల్, నిద్రకిచ్చిన ఆల్ప్రజోలం, జలుబు మాత్రల్లోని క్లోర్‌ఫెనిరమైన్ మూడూ పెద్దవాళ్ల బుర్రను మబ్బు కమ్మినట్టు చేస్తాయి. ఆల్ప్రజోలం మాత్రం ఒక్కసారిగా మానిపించకండి, ఫిట్స్ రావచ్చు, డాక్టరే మెల్లగా తగ్గించాలి. షుగర్‌కు మెట్‌ఫార్మిన్ ఏళ్లుగా వాడుతుంటే బీ12 తగ్గుతుంది. రక్తపరీక్షలో హిమోగ్లోబిన్, సోడియం, బీ12, థైరాయిడ్ (టీఎస్‌హెచ్) అడగండి. బీ12 మిల్లీలీటరుకు 200 పికోగ్రాముల లోపుంటే లోటే. సంగటి, పప్పు ఎంత తిన్నా అది భర్తీ కాదు. పాలు, గుడ్లు, చేపలు, మాంసంలోనే ఉంటుంది, లేదా మాత్రలు, సూదులు.

ఇవన్నీ సరిగా ఉంటే మిగిలింది మంచం తెచ్చిన మొద్దుతనం. పొద్దున ఏడింటికి మంచం దించి అరుగు మీద వెలుతురులో కూర్చోబెట్టండి. పగలు నిద్ర అరగంట దాటొద్దు, దాటితే రాత్రి నిద్ర చెడి మర్నాడు బుర్ర మందంగా ఉంటుంది. కళ్లద్దాలు, చెవి మిషను ఉంటే మంచం దగ్గరే ఉంచండి, సగం విన్న మాట గుర్తుండదు. క్యాలెండర్ కాగితం రోజూ ఆయనే చించాలి. చేతికి పని ఇవ్వండి. చెనక్కాయలు వలవడం, చింతపండులో గింజలు తీయడం, ఆ గింజలతోనే మనవళ్లతో వామనగుంటలు. వారం తర్వాత పులిజూదం, మూడు పులులు, పదిహేను మేకలు. ముందు మేకలు ఆయనకివ్వండి, మేకల వైపు ఆడటానికి ఆలోచన ఎక్కువ కావాలి.

ఇంట్లోవాళ్లు చేసే పెద్ద తప్పు పదేపదే “నాయనా, ఈరోజేంటి? చెప్పు చూద్దాం” అని పరీక్ష పెట్టడం. నలుగురి ముందు తప్పు చెప్పిన మనిషి మాట్లాడటమే తగ్గిస్తాడు. ఆయనకు బాగా తెలిసిన విషయంలో సలహా అడగండి. తోటలో కాయ ఎప్పుడు కోయాలి, మండీ రేటు ఎంతొస్తే అమ్మాలి అంటే లెక్క దానంతటదే నోటికొస్తుంది.

ప్రశ్న: బుర్రకు పదును పెట్టే ఫోన్ గేములు రోజూ గంట ఆడుతున్నాను. స్కోరు పెరుగుతోంది, జ్ఞాపకశక్తి పెరగడం లేదు. ఎందుకని?
- చిత్తూరు

జవాబు: మీరు గమనించింది నిజమే. 2010లో 11,430 మందితో ఆరు వారాలు ఇలాంటి గేములు ఆడించి చూశారు. ఆడిన గేముల్లో నైపుణ్యం పెరిగింది, మిగతా పనులకు అది పాకలేదు. ఏది సాధన చేస్తే అదే వస్తుంది.

మన దగ్గర అంతకంటే గట్టి సాధనం ఉంది. అవధానంలో పుష్పగణనం చూసే ఉంటారు. అవధాని పద్యం కడుతుండగా వెనక నుంచి ఒకరు పూలు వేస్తుంటారు, ఎన్ని పడ్డాయో ఆయన చివర చెప్పాలి. ఇంట్లో ఇలా చేయండి. మీరు దినపత్రిక సంపాదకీయం పైకి చదవండి. ఇంకొకరు ఐదు నిమిషాల్లో 12 నుంచి 20 మల్లెమొగ్గలు, ఒకే వేగంతో కాకుండా, మీ భుజం మీద వేయాలి. చివర లెక్కతో పాటు చదివినదాంట్లో మూడు విషయాలూ చెప్పాలి. మొదట్లో లెక్క సరిపోతే విషయం పోతుంది, విషయం ఉంటే లెక్క పోతుంది. రెండూ నాలుగు రోజులు వరసగా కుదిరాక మధ్యలో ఒక గిన్నె కూడా కొట్టించండి, అది ఘంటాగణనం. వారానికి నాలుగు రోజులు, పూటకు పది నిమిషాలు చాలు. అప్రస్తుత ప్రసంగానికి ఇంట్లో మనుషులు ఎలాగూ ఉంటారు! దీంతో పరధ్యానం తగ్గుతుందే గానీ తాళంచెవి ఎక్కడ పెట్టారో గుర్తురాదు. దానికి ఒక మేకు కొట్టి, రోజూ అక్కడే తగిలించండి.

ప్రశ్న: బ్రాహ్మి, సారస్వతారిష్టం వాడొచ్చా?
- శ్రీకాళహస్తి

జవాబు: బ్రాహ్మి మీద జరిగిన పరీక్షల్లో చాలావాటిలో రోజుకు 300 మిల్లీగ్రాముల సారం 12 వారాలు ఇచ్చారు. ఫలితం ఉంది గానీ కొద్దిపాటిదే. వారంలో తేడా తెలియదు. కొందరికి కడుపులో వికారం, విరేచనాలు అవుతాయి, భోజనం తర్వాత తీసుకుంటే తగ్గుతాయి. అరిష్టాల్లో పులియడం వల్ల పుట్టిన ఆల్కహాల్ ఉంటుంది, నిద్రమాత్రలు వాడేవాళ్లు దగ్గరికి రానీయొద్దు.

ప్రశ్న: రిటైరై మూడేళ్లు. టీవీ ముందే కాలం గడిచింది. నడిస్తే బుర్ర చురుకవుతుందని చదివి, రోజూ శ్రీవారి మెట్టు ఎక్కుదామనుకుంటున్నాను.
- తిరుపతి

జవాబు: మంచి ఆలోచన, తప్పు చోట మొదలుపెడుతున్నారు. 120 మంది పెద్దవాళ్లపై చేసి 2011లో ప్రచురించిన ఒక అధ్యయనంలో, ఏడాది పాటు వారానికి మూడుసార్లు 40 నిమిషాలు నడిచినవాళ్ల మెదడులో జ్ఞాపకానికి కీలకమైన హిప్పోక్యాంపస్ సుమారు 2 శాతం పెరిగింది. అది చదునైన దారిలో నడక. శ్రీవారి మెట్టు సుమారు 2,400 మెట్లు. మూడేళ్లు కూర్చున్న గుండెకు అది మొదటి రోజు చేసే పని కాదు.

మొదటి రెండు వారాలు పార్కులో 15 నిమిషాలు, తర్వాత వారానికి ఐదేసి నిమిషాలు పెంచి 40కి తీసుకెళ్లండి. పక్కనున్న మనిషితో మాట్లాడగలగాలి, పాడలేకపోవాలి, అదే సరైన వేగం. వేసవిలో ఆరున్నరకల్లా ఇంటికి చేరండి. ఛాతీలో బిగుతు, ఎడమ చేయి లాగడం, కళ్లు తిరగడం ఏది కనిపించినా ఆగి డాక్టరును చూడాలి. మూడు నెలలు దాటాక, ఈసీజీ, బీపీ చూపించుకుని, మెట్లు నెలకొకసారి ఎక్కండి. దిగడం మాత్రం బస్సులో, మోకాళ్లకు దిగడమే ఎక్కువ భారం.

నడిచేటప్పుడు ఒక అన్నమయ్య కీర్తన తోడుపెట్టుకోండి. మొదటి రోజు పల్లవి, రెండో రోజు మొదటి చరణం, అలా నాలుగు రోజుల్లో మూడు చరణాలూ. ఐదో రోజు కాగితం ఇంట్లో వదిలి వెళ్లండి. ఎక్కడ ఆగిపోయారో ఆ మాట మాత్రమే ఇంటికొచ్చి చూసుకోండి.