అనంతపురంలో తొలి ఎండాకాలం: కొత్త కోడలికి

చి.ల.సౌ. శైలజకు,

చిన్నత్త ఆశీస్సులు. మీ వీధికి రోజు మార్చి రోజు నీళ్లు వదులుతున్నారనీ, మొన్న మధ్యాహ్నానికే మిద్దె మీద ట్యాంకు ఖాళీ అయ్యిందనీ రవి ఫోన్‌లో చెప్పాడు. కాలువ గట్టున పెరిగిన పిల్లవి, అమలాపురం నుంచి నేరుగా అనంతపురం ఎండల్లోకి వచ్చిపడ్డావు. టెన్షన్ పడకు. ఆ ఊళ్లో సంసారం చేసి పిల్లల్ని పెంచినదాన్ని, నాకు తెలిసింది రాస్తున్నా. ఫోన్‌లో చెబితే సగం చెవిన పడదు.

ముందు ఆ నీళ్లు ఎక్కడివో తెలుసుకో. మన జిల్లాలో ఏడాది పొడుగునా కురిసే వాన సుమారు 550 మిల్లీమీటర్లు. అందుకే ఊరి దాహం తీర్చే నీళ్లు కర్ణాటకలో హోస్పేట దగ్గరున్న తుంగభద్ర డ్యాం నుంచి హెచ్చెల్సీ అనే ఎగువ కాలువలో పెన్నహోబిలం రిజర్వాయరుకు చేరి, అక్కణ్ణుంచి పైపుల్లో రావాలి. ఎండాకాలం కాలువ పారదు. నిల్వ ఉన్నదే గతి. 2024 ఆగస్టులో ఆ డ్యాం 19వ గేటు కొట్టుకుపోయినప్పుడు నేనింకా అక్కడే ఉన్నా. మా వీధిలో ఆడవాళ్లం సీరియళ్లు మానేసి వార్తలు చూశాం.

ఇక అసలు విషయం. నీళ్లు రాని రోజు ఎవరూ వృథా చెయ్యరు, చెంబు చెంబూ చూసుకుంటారు. పారబోసేదంతా నీళ్లొచ్చిన రోజే. కొళాయి చప్పుడు వినగానే మొదట చేసే పని, నిన్నటి నీళ్లు పాచిపోయాయని బిందెలన్నీ వాకిట్లో కుమ్మరించడం! మూత పెట్టి, చెయ్యి ముంచకుండా కాడగరిటెతో తీసుకుంటే ఒక్క రోజుకు వాటికేం కాదు. తాగడానికి మనసొప్పకపోతే బట్టలకో అంట్లకో వాడు, మోరీలో మాత్రం పొయ్యకు. తర్వాత మోటారు వేసి మరిచిపోవడం. మిద్దె మీంచి నీళ్లు కారుతుంటే ఎదురింటివాళ్లు కేకేసేదాకా తెలియదు. సంపులోనూ, పైన ట్యాంకులోనూ నిండగానే నీళ్లు ఆపే ఫ్లోట్ వాల్వు పని చేస్తోందో లేదో రవిని ఎక్కి చూడమను.

ట్యాంకు అంత తొందరగా ఖాళీ అయ్యిందంటే నాకు ముందు మీ బాత్రూం ఫ్లష్ మీదే అనుమానం. ఫ్లష్ ట్యాంకు మూత తీసి బట్టల నీలం నాలుగు చుక్కలు వెయ్యి. అరగంట దాకా ఎవరూ ఫ్లష్ నొక్కొద్దు. తర్వాత కింద కమోడులో నీలం రంగు కనిపించిందా, లోపలి వాషరు పోయినట్టే. చప్పుడు లేకుండా రాత్రంతా కారుతుంది, పైకి ఏమీ తెలియదు. వాషరు ఖరీదైన వస్తువేం కాదు, ప్లంబరు వచ్చి మార్చడమే ఆలస్యం. పాత రకం ట్యాంకయితే నొక్కినప్పుడల్లా 10 లీటర్ల దాకా పోతాయి. లీటరు సీసాలో ఇసుక నింపి, మూత బిగించి, లోపల ఓ మూల నిలబెట్టు. ప్రతిసారీ ఆ లీటరు మిగులుతుంది. కొందరు ఇటుక పెట్టమంటారు. వద్దు, అది నాని పొడి రాలి వాల్వు పాడవుతుంది. వంటింటి కొళాయి కూడా చూడు. సెకనుకు ఒక చుక్క కారినా రోజుకు దాదాపు 20 లీటర్లు.

బట్టల సంగతి. సెమీ ఆటోమేటిక్ మిషన్ కొన్నారని విన్నా, మంచి పని చేశారు. ముందు తెల్లవి, పెద్దగా మాయనివి వేసి, అదే సబ్బు నీళ్లలో రవి ప్యాంట్లు, కాళ్లు తుడుచుకునే పట్టాలు వెయ్యి. ఆఖరు జాడింపు నీళ్లు బకెట్లో పట్టి పెట్టుకుంటే మర్నాడు బాత్రూం కడగడానికి కొత్త నీళ్లతో పని లేదు. అంట్లు ఎండిపోనివ్వకు, ఎండితే రెట్టింపు నీళ్లు తాగుతాయి. బంధువులొస్తే మొహమాటపడకుండా విస్తరాకులు వెయ్యి. అనంతపురంలో ఎవరూ తప్పుపట్టరు.

బోరు నీళ్లు తాగొద్దు. మన వైపు చాలాచోట్ల ఫ్లోరైడ్ ఉంటుంది. కాచితే పోతుందనుకుంటారు, పోదు. నీళ్లు ఆవిరై అది ఇంకాస్త చిక్కబడుతుంది. ఆర్వో మిషన్ పెట్టుకుంటే ఒక లీటరు మంచినీళ్లకు రెండు మూడు లీటర్లు పక్క పైపులోంచి బయటికి పోతాయి. ఆ పైపు కింద బకెట్టు పెట్టు. గచ్చు తుడవడానికి, లెట్రిన్‌లో పొయ్యడానికి పనికొస్తాయి. వాటిలో ఉప్పు ఎక్కువ కాబట్టి కరివేపాకు చెట్టుకు మాత్రం పొయ్యకు. చెట్టుకు బియ్యం, కూరగాయలు కడిగిన నీళ్లు చాలు, అదీ పొద్దు వాలాక.

కూలర్ పెట్టిన గదిలో తలుపులన్నీ బిగించుకుని ఉక్కపోస్తోందని ఇంకా నీళ్లు పోస్తుంటారు. ఎదురుగా కిటికీ తెరిచి ఉంచు, గాలి బయటికి పోతేనే చల్లదనం. బోరు నీళ్లు వాడితే కూలర్ పక్కల్లో ఉండే గడ్డికి ఉప్పు పడుతుంది. వారానికోసారి తొట్టి ఖాళీ చేసి కడుగు. డ్రమ్ములు, బకెట్లకూ ఇదే లెక్క. డెంగీ దోమ మురుగులో కాదు, మనం దాచుకున్న మంచినీళ్లలోనే గుడ్లు పెడుతుంది. వారం పది రోజుల్లో దోమలై లేస్తాయి. నీళ్లు అయిపోయిన రోజు చూసి అంచులు పీచుతో రుద్ది, గుడ్డ కట్టి మూత పెట్టు.

తాగే నీళ్ల దగ్గర మాత్రం పిసినారితనం వద్దు. మీ మామగారు రాత్రి లేవాల్సి వస్తుందని నీళ్లు తాగడం తగ్గిస్తారు, ఆయనది పాత అలవాటు. నువ్వే గంటకోసారి మజ్జిగో నీళ్లో చేతికివ్వు.

ఒక పని ఇప్పుడే మొదలుపెట్టాలి. 100 చదరపు మీటర్ల మిద్దె మీద ఒక్క సెంటీమీటరు వాన పడితే 1000 లీటర్లు. పై నుంచి దిగే గొట్టంలో ఆకులూ దుమ్మూ తీయించి, కింద డ్రమ్ము పెట్టించండి. మొదటి వాన మిద్దె కడుక్కుపోనీ, రెండోదాన్నుంచి పట్టుకోండి. డ్రమ్ము నిండాక మిగిలింది బోరు పక్కన ఇంకుడు గుంత తీయించి అందులోకి మళ్లించాలి. దానికి ఇంటి ఓనరు ఒప్పుకోవాలి కాబట్టి ఈ ఆదివారమే వెళ్లి మాట్లాడమని రవికి చెప్పు. మబ్బులు పట్టాక ఆ పనికి మనుషులు దొరకరు.

మీ చిన్నత్త