వేలిముద్రల్లో తెలివి తెలుస్తుందా?

ప్రశ్న: మా బాబు రెండో తరగతి. లెక్కలు నోటితో గబగబా చెప్తాడు, రాయమంటే ఏడుపు. వేలిముద్రలు తీసుకుని ఐక్యూ చెప్తామంటున్నారు స్కూల్లో. ఫీజు కట్టమంటారా?
– ఒక తల్లి, ఖమ్మం

జవాబు: కట్టకండమ్మా. వేలి గీతల్ని బట్టి తెలివి చెప్పొచ్చనడానికి శాస్త్రీయ ఆధారం లేదు. ఆ గీతలు తల్లి కడుపులోనే ఏర్పడిపోతాయి. వాడు నిన్న నేర్చుకున్న ఎక్కం వాటికెలా తెలుస్తుంది?

అసలు ఐక్యూ పరీక్ష వేరు. 1905లో పారిస్‌లో బినే, సిమోన్ అనే ఇద్దరు సైకాలజిస్టులు అలాంటి తొలి పరీక్ష తయారుచేసింది చదువులో సాయం కావలసిన పిల్లల్ని గుర్తించడానికి. ర్యాంకుల పిచ్చి తర్వాత మనం తగిలించుకున్నదే. సైకాలజిస్టు పిల్లవాణ్ణి ఎదురుగా కూర్చోబెట్టుకుని రంగు ముక్కలు పేర్చమంటారు, అంకెలు వెనక నుంచి చెప్పమంటారు. గంట పైనే పడుతుంది. చివర్లో ఒక అంకె వస్తుంది, దాని సగటు 100. ఆ రోజు జ్వరమో ఆకలో ఉన్నా అంకె తగ్గొచ్చు.

మీవాడి విషయంలో నా అనుమానం తెలివి మీద కాదు, రాత మీద. ముందు కంటిచూపు పరీక్ష చేయించండి. తర్వాత డిస్‌గ్రాఫియా, అంటే తెలివి ఉన్నా రాయడంలో వచ్చే ఇబ్బంది, ఉందేమో క్లినికల్ సైకాలజిస్టుకి చూపించండి. అందులో భాగంగా ఐక్యూ కూడా చూస్తామంటే చూడనివ్వండి. వచ్చిన అంకె మాత్రం బాబు ముందు, ముఖ్యంగా చుట్టాల ముందు ఎత్తకండి.