నేచురల్, క్రూయల్టీ ఫ్రీ అని రాసి ఉన్న స్కిన్‌కేర్ సెట్టు కొనొచ్చా?

ప్రశ్న అడిగినావిడ చెప్పింది క్లుప్తంగా ఇదీ: ఒక కంపెనీ ఫేస్‌వాష్, టోనర్, సీరమ్, మాయిశ్చరైజర్, నైట్ క్రీమ్ కలిపి రూ. 2,400కి అమ్ముతోంది. అన్నీ నేచురల్, క్రూయల్టీ ఫ్రీ (అంటే జంతువుల మీద పరీక్షించనివి) అంటున్నారు. తనది పొడి చర్మం, తొందరగా ఎర్రబడుతుంది. కొనొచ్చా, వద్దా?

సెట్టు కొనకండి. అందులో మాయిశ్చరైజర్ ఒక్కటి, దొరికినంత చిన్న సైజులో తీసుకుని నెల రోజులు వాడి చూడండి. నప్పితే అప్పుడు మిగతావాటి సంగతి ఆలోచించొచ్చు. నాదీ మీలాంటి చర్మమే అండీ. ఇలాంటి సెట్టునే ఒకదాన్ని (కంపెనీ పేరు చెప్పను) ఒక్కో సీసా విడివిడిగా వాడి చూశాను కాబట్టి ఈ మాట ధైర్యంగా చెప్తున్నాను.

జంతువుల సంగతి నాకు చాలా ముఖ్యం, అందుకే ముందు అది. కుందేలు కంట్లో పదార్థం వేసి, ఎంత వాచింది, ఎంత ఎర్రబడింది అని మార్కులు వేసే డ్రైజ్ పరీక్ష 1944 నాటిది. మొహానికి రాసుకునే క్రీమ్ కోసం అలాంటి పని జరగకూడదని మీరు అనుకుంటున్నారంటే చాలా సంతోషం. మన దేశంలో కాస్మెటిక్స్‌ని జంతువుల మీద పరీక్షించడాన్ని 2014లో నిషేధించారు. అదే ఏడాది నవంబరు నుంచి, ఆ నిబంధన వచ్చాక జంతువుల మీద పరీక్షించినవాటిని దిగుమతి చేసుకోవడం కూడా కుదరదు. ఐరోపా సమాఖ్యలో 2013 మార్చి నుంచి అలాంటివాటి అమ్మకం మీదే నిషేధం ఉంది. అంటే ఇక్కడ తయారైన క్రీమ్ మీద ‘క్రూయల్టీ ఫ్రీ’ అని రాసినా రాయకపోయినా, దాన్ని ఇక్కడ జంతువుల మీద పరీక్షించడానికి చట్టం ఒప్పుకోదు. చట్టం ఎలాగూ వద్దన్న పనిని మేం చేయలేదు అని చెప్పి ధర పెంచితే, ఆ ఎక్కువ డబ్బు నేనైతే ఇవ్వను.

అలాగని ఆ మాటకి అర్థమే లేదనుకోకండి. క్రీమ్ ఇక్కడ కలిపినా, అందులో వేసే పదార్థాలు ఎక్కడెక్కడి నుంచో వస్తాయి. అదే కంపెనీ వేరే దేశాల్లోనూ అమ్ముతూ ఉండొచ్చు. చైనా సంగతే తీసుకోండి. దిగుమతి చేసుకునే మామూలు కాస్మెటిక్స్‌కి కూడా అక్కడ చాలాకాలం జంతు పరీక్ష తప్పనిసరిగా ఉండేది. 2021 మే నుంచి సరైన కాగితాలు చూపించినవాటికి మినహాయింపు దొరుకుతోంది, అదీ అన్ని రకాలకీ కాదు. అందుకే పదార్థాలు సరఫరా చేసేవాళ్ల దాకా వెళ్లి చూసే గుర్తింపుకి విలువ ఉంది. ‘లీపింగ్ బన్నీ’ గుర్తు కావాలంటే కంపెనీ ఒక కచ్చితమైన తేదీ పెట్టుకుని, ఆ తర్వాత తానుగానీ తన సరఫరాదారులుగానీ ఏ జంతువు మీదా పరీక్షలు చేయలేదని చూపించాలి, బయటివాళ్ల ఆడిట్‌కి ఒప్పుకోవాలి. జంతు హక్కుల సంస్థ పెటా ఇచ్చే జాబితా ప్రధానంగా కంపెనీ రాసిచ్చే హామీల మీద నడుస్తుంది. ఇక ఏ గుర్తింపూ లేకుండా డబ్బా మీద కంపెనీయే గీయించుకున్న కుందేలు బొమ్మ ఉంటుంది చూశారూ, దాన్ని ఎవరూ తనిఖీ చేసి ఉండరు. బొమ్మ చూసి సరిపెట్టుకోకుండా, ఆ సంస్థల సైట్లలో కంపెనీ పేరు వెతకండి. రెండు నిమిషాల పని.

పేరు కనపడకపోతే కంపెనీకే మెయిల్ పెట్టండి. నేను ఎప్పుడూ మూడు సంగతులు అడుగుతాను. తయారైన క్రీమ్ గురించి మాత్రమే చెప్తున్నారా, అందులో వేసే పదార్థాల గురించి కూడానా? సరఫరాదారుల దగ్గర రాతపూర్వకంగా తీసుకున్నారా? జంతు పరీక్ష తప్పనిసరి అయిన దేశంలో అమ్ముతున్నారా? నిజంగా పట్టించుకునేవాళ్లు ఈ మూడింటికీ విడివిడిగా జవాబిస్తారు. ‘మేం జంతువుల్ని ఎంతో ప్రేమిస్తాం’ అని మాత్రమే జవాబొచ్చిన చోట నేను కొనడం మానేశాను.

ఇంకొక్కటి. క్రూయల్టీ ఫ్రీ అంటే అందులో జంతువుల నుంచి వచ్చినవేవీ లేవని కాదు. తేనె, తేనెమైనం, గొర్రె ఉన్ని నుంచి తీసే లానొలిన్, పురుగుల నుంచి తీసే కార్మైన్ ఎరుపు రంగు ఉండొచ్చు. అవి కూడా వద్దనుకుంటే ‘వీగన్’ అని ఉందేమో విడిగా చూడాలి. డబ్బా మీద ఆకుపచ్చ చుక్క ఉంటే శాకాహార మూలం అని తెలుస్తుంది, పరీక్షల గురించి ఆ చుక్క ఏమీ చెప్పదు. మరి జంతువులు లేకుండా పరీక్ష ఎలా అని మా చెల్లి అడిగింది. మనిషి చర్మకణాల్ని ల్యాబ్‌లో పొరలుగా పెంచి, వాటి మీదే ఇరిటేషన్ పరీక్ష చేసే పద్ధతికి అంతర్జాతీయ ఆమోదం ఉంది. హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీకి చెందిన ఇంక్యుబేషన్ సెంటర్‌లో ఇలాంటి ప్రత్యామ్నాయాల కోసం పనిచేసే కేంద్రం కూడా ఉంది.

ఇక ‘నేచురల్’. ఇంత శాతం ఉంటేనే ఆ మాట రాయాలి అనే నిబంధన మన కాస్మెటిక్స్ రూల్స్ 2020లో లేదు. కానీ అదే రూల్స్‌లో మనకి పనికొచ్చేది ఒకటుంది. ఒక శాతం కంటే ఎక్కువున్న పదార్థాల్ని ఎక్కువ నుంచి తక్కువకి వరుసగా రాయాలి. ఒక శాతం, అంతకంటే తక్కువున్నవాటిని ఆ తర్వాత ఏ వరుసలోనైనా రాసుకోవచ్చు. దీన్ని చదవడానికి ఒక కిటుకు చెప్తాను. జాబితాలో ఫినాక్సీఇథనాల్ ఎక్కడుందో వెతకండి. అది పాడవకుండా వేసే మందు, ఒక శాతానికి మించి వేయకూడదు. దాని తర్వాత ఉన్నవి దాదాపుగా అన్నీ చిటికెడు సరుకే. నేను కొన్న క్రీమ్ డబ్బా ముందువైపంతా కుంకుమపువ్వు బొమ్మే. వెనక జాబితాలో కుంకుమపువ్వు ఫినాక్సీఇథనాల్ తర్వాత ఎక్కడో ఉంది. మొదట్లో ఉన్నవి నీళ్లు, గ్లిజరిన్, కొబ్బరి నుంచి తీసిన నూనె పదార్థం, షియా బటర్. క్రీమ్ మంచిదే, నా పొడిబారిన బుగ్గలకి బాగా పనిచేసింది కూడా. పనిచేసింది మాత్రం గ్లిజరిన్, షియా బటర్. కుంకుమపువ్వు పేరు మీద ఎక్కువ డబ్బు పెట్టక్కర్లేదు.

‘ప్రిజర్వేటివ్స్ లేవు’ అనేది గొప్పగా చెప్పుకుంటే నాకు భయమేస్తుంది. నీళ్లున్న క్రీమ్‌లో ఏదో ఒకటి వేయకపోతే బూజు, బ్యాక్టీరియా పెరుగుతాయి. బందరులోనో విశాఖలోనో వానాకాలం బాత్రూమ్ అలమరలో పెట్టిన డబ్బాలోకి రోజూ తడి వేలు పెడితే సంగతి ఆలోచించండి. నీళ్లు అసలే లేని నూనెలకి, బామ్‌లకి ఈ బెడద తక్కువ.

మీలా ఎర్రబడే చర్మానికి అసలు జాగ్రత్త వాసన దగ్గరే కావాలి. లావెండర్, నిమ్మ, టీ ట్రీ నూనెలు చెట్ల నుంచే వస్తాయి, నిజమే. వాటిలో సహజంగానే ఉండే లినలూల్, లిమొనీన్ గాలి తగిలి మారాక కొందరికి ఎలర్జీ తెప్పిస్తాయి. అందుకే తెరిచి చాలాకాలమైన సీసా, మొదట్లో బాగానే ఉన్నా, తర్వాత మంట పుట్టించొచ్చు. డబ్బా వెనక మూత తీసిన డబ్బా బొమ్మలో 6ఎం అనో 12ఎం అనో ఉంటే, తెరిచాక అన్ని నెలల్లో వాడేయమని. ఈ సెట్లతో పాటు ఉచితమంటూ ఇచ్చే హ్యాండ్‌మేడ్ సబ్బు మొహానికి వద్దు. నూనె, కాస్టిక్ సోడా కలిపి చేసే ఏ సబ్బుకైనా పీహెచ్ (ఆమ్లమో క్షారమో చెప్పే అంకె) 9 నుంచి 10 దాకా ఉంటుంది. మన చర్మం 5కి అటూ ఇటూ. కడుక్కోగానే మొహం బిగుసుకుపోయినట్టు అనిపించేది అందుకే.

ఇప్పుడు పరీక్ష. ముందు మొహం మీద కాదు. మోచేతి మడత దగ్గర, లోపలివైపు రూపాయి బిళ్లంత చోట పొద్దున ఒకసారి, రాత్రి ఒకసారి, వారం రోజులు రాయండి. ఒక్క రాత్రి చూసి ఏం కాలేదులే అనుకోకూడదు, ఎందుకంటే ఎలర్జీ చాలాసార్లు రెండు మూడు రోజుల తర్వాతే బయటపడుతుంది. ఫేస్‌వాష్‌ని మాత్రం ఇలా రాసి ఉంచేయకండి, అది కడిగేసే వస్తువు. దురద, చిన్న పొక్కులు, ఎరుపు కనిపిస్తే అక్కడితో ఆపండి.

వారం బాగా గడిస్తే మొహానికి ఒకవైపు కొత్త క్రీమ్, రెండోవైపు మీరు ఇప్పటికే వాడుతున్నది రాయండి. మూడు నాలుగు వారాలు మిగతాదేదీ మార్చొద్దు. అదే ఫేస్‌వాష్, అదే సన్‌స్క్రీన్. మధ్యలో పెళ్లికి వెళ్లి ఫేషియల్ చేయించుకుంటే లెక్క తప్పుతుంది. పొద్దున్నే ఒకే కిటికీ దగ్గర, మొహం కడుక్కుని ఫోటో తీసుకోండి, ఫోన్ ఫిల్టర్లు ఆపేసి. నాకు ఈ పద్ధతి మీద గురి కుదరడానికి కారణం, ఎండలు ముదిరితే రెండు వైపులూ కమిలిపోతాయి, నిద్ర చాలకపోతే రెండు వైపులా తెలుస్తుంది. తేడా ఒకవైపే ఉంటే అది క్రీమ్ వల్లే అనుకోవచ్చు.

నాకు తేలిందేమిటంటే, మాయిశ్చరైజర్ బాగుంది, రాసినవైపు సాయంత్రానికి తెల్లగా పొట్టులేవడం ఆగింది. టోనర్ చేతి మీదే మంట పెట్టింది, దాన్ని మొహం దాకా రానివ్వలేదు. గులాబీ నీళ్లన్నారు గానీ జాబితాలో జెరేనియం నూనె, నిమ్మజాతి నూనె ఉన్నాయి. సీరమ్ చేతి మీద ఏమీ చేయలేదు, మొహానికి రాయడం మొదలుపెట్టిన కొంతకాలానికి ఆ బుగ్గ మీదే సన్న పొక్కులు వచ్చాయి, మానేస్తే తగ్గాయి. ఫేస్‌వాష్ మామూలుగా ఉంది, నిమిషం కూడా మొహం మీద ఉండని వస్తువుకి ఆ ధర నాకు ఎక్కువనిపించింది. నైట్ క్రీమ్ జాబితా చదివితే మాయిశ్చరైజర్‌కీ దానికీ వాసన తప్ప పెద్ద తేడా కనిపించలేదు. అందుకే ఐదింట్లో ఒక్కటే మళ్లీ కొంటున్నాను. మీ చర్మానికి ఇదే జవాబు రావాలనేమీ లేదు, అందుకే కొనేముందు చిన్న సైజు అడగమంటున్నాను. చిన్న సైజు, వాపసు రెండూ లేని కంపెనీ అయితే ఇంకో కంపెనీ చూసుకోండి.

ధరని డబ్బా లెక్కన చూడకుండా గ్రాము లెక్కన చూడండి. మెడికల్ షాపులో దొరికే వాసన లేని సాదా మాయిశ్చరైజర్ గ్రాము ధర పక్కన పెట్టి చూస్తే, కుంకుమపువ్వు బొమ్మకి ఎంత కడుతున్నామో తెలిసిపోతుంది. అంత డబ్బు ఉంటే నేను మంచి సన్‌స్క్రీన్ మీద పెడతాను.

‘నేచురల్’ పేరు చెప్పి వాట్సాప్‌లో, బ్యూటీ పార్లర్లలో, లేబుల్ లేని డబ్బాల్లో అమ్మే తెలుపు క్రీమ్‌ల జోలికి మాత్రం వెళ్లకండి, పరీక్షకి కూడా వద్దు. వారంలో మొహం మెరిసిపోతే అందులో స్టెరాయిడో పాదరసమో ఉండొచ్చు. 2023లో కేరళలోని మలప్పురం జిల్లాలో ఇలాంటి క్రీమ్‌లు వాడినవాళ్లకి కిడ్నీ జబ్బు వచ్చినట్టు డాక్టర్లు గుర్తించారు. ఏది కొన్నా తయారీదారు చిరునామా, లైసెన్స్ నంబరు, బ్యాచ్ నంబరు, ఎప్పటిలోగా వాడాలో తేదీ, పదార్థాల జాబితా ఉండాలి. ఇవి లేని డబ్బా ఎవరు చేతిలో పెట్టినా వెనక్కి ఇచ్చేయండి, పిన్నిగారు పెట్టినా సరే.

ఇప్పటికే ఎగ్జిమా ఉన్నా, కళ్ల చుట్టూ వాపు వచ్చినా, ఎరుపు తగ్గకపోయినా ఈ పరీక్షలన్నీ పక్కన పెట్టి చర్మం డాక్టర్ దగ్గరికి వెళ్లండి. వాడిన డబ్బా కూడా తీసుకెళ్తే, దేనికి ఎలర్జీయో ప్యాచ్ టెస్ట్ చేసి చెప్పడానికి వాళ్లకి వీలవుతుంది. మీరు చూస్తున్న సెట్టులో మాయిశ్చరైజర్ డబ్బా వెనక జాబితా ఫోటో తీసి పెట్టండి. వాసన నూనెలు ఎక్కడున్నాయో, ఫినాక్సీఇథనాల్ తర్వాత ఏమేమున్నాయో చూసి చెప్తాను.