డాక్టర్ సలహా: పెట్రోలుతో సామాన్లు కడిగి చేతులు పగిలాయి.. టబ్బులో ఏం పోయాలి?

ప్రశ్న: నా వయసు 36. విజయవాడ ఆటోనగర్‌లో టూవీలర్ షెడ్డు నడుపుతున్నాను. కార్బురేటర్లు, చైన్లు, ఇంజిన్ సామాన్లు ఏళ్ల తరబడి పెట్రోలుతోనే కడుగుతున్నాం. మడ్డి వదలకపోతే థిన్నర్ వాడతాం. ఏడాదిగా రెండు చేతుల వేళ్లూ పొడిబారి, పగిలి, మంట పుడుతున్నాయి. సాయంత్రానికి తల బరువెక్కుతోంది. ఈమధ్య తిమ్మిర్లు కూడా మొదలయ్యాయి. మెడికల్ షాపులో ఇచ్చిన ట్యూబు రాస్తే నాలుగు రోజులు తగ్గి మళ్లీ మామూలే. 40 లీటర్ల పార్ట్స్ వాషర్ కొనాలనుకుంటున్నాను. అందులో కిరోసిన్ పోయమని ఒకరు, ఎంటీఓ (మినరల్ టర్పెంటైన్ ఆయిల్) అని ఒకరు, కాస్టిక్ సోడా కలిపిన వేడినీళ్లని ఇంకొకరు, నీళ్లలో కలిపే కెమికల్ అని అమ్మేవాళ్లు చెబుతున్నారు. చేతులు పాడవకుండా జిడ్డు వదిలించేది ఏది?

సలహా: ముందు ఆ ట్యూబు పక్కన పెట్టండి. ఇలాంటప్పుడు షాపుల్లో చేతికిచ్చేవి చాలావరకు క్లోబెటాసాల్ లాంటి గట్టి స్టెరాయిడ్, యాంటీబయాటిక్, ఫంగస్ మందు మూడూ కలిపిన క్రీములు. వాడినన్నాళ్లు మంట అణిగి ఉంటుంది, ఆపగానే తిరగబెడుతుంది. నెలల తరబడి రాస్తే చర్మం పలచబడి ఇంకా తేలిగ్గా పగులుతుంది. మీ చేతులకు అసలు చికిత్స ఆ టబ్బులో పోసే ద్రవాన్ని మార్చడమే. అందుకే మీ ప్రశ్నలో ద్రవం గురించిన భాగానికే ఎక్కువ చోటు ఇస్తున్నాను.

పెట్రోలు గ్రీజును ఎందుకు కరిగిస్తుందో, మీ చర్మంలోని సహజమైన నూనె పొరను కూడా అందుకే కరిగిస్తుంది. ఆ పొర పోయాక నీళ్లు తగిలినా, సబ్బు తగిలినా మంటే. రెండు చేతులకూ, ముఖ్యంగా వేళ్ల సందుల్లో, గోళ్ల చుట్టూ ఉంటే ఇది రసాయనాల వల్ల వచ్చిన చర్మవాపు అయ్యే అవకాశమే ఎక్కువ. ఒక్క చేతికే పొలుసులు లేచి, పాదాలకు కూడా అలాగే ఉంటే మాత్రం ఫంగస్‌ను అనుమానించాలి. చర్మ వైద్యులు కొంచెం పొలుసు గీకి మైక్రోస్కోపులో చూసి తేల్చేస్తారు.

తలనొప్పి ఆవిర్ల వల్ల. బీఎస్-6 పెట్రోల్లో కూడా ఘనపరిమాణంలో 1 శాతం దాకా బెంజీన్ ఉండొచ్చు. బెంజీన్ ఎముక మజ్జను దెబ్బతీస్తుంది, బ్లడ్ క్యాన్సర్‌కు కారణమని రుజువైన పదార్థం. మీకు అది ఉందని అనడం లేదు. కానీ ఒకసారి సీబీపీ రక్తపరీక్ష చేయించుకోండి. తెల్లకణాలు, ప్లేట్‌లెట్లు, హిమోగ్లోబిన్ తగ్గాయేమో తెలుస్తుంది. థిన్నర్లో ప్రధానంగా టోల్యూన్, కొన్నింట్లో మిథనాల్ అనే విష రసాయనాలు ఉంటాయి. సామాన్లు కడగడానికి అది పనికిరాదు.

తిమ్మిర్లు ఎక్కడో మీరు రాయలేదు. అది ముఖ్యం. రాత్రిపూట బొటనవేలు, చూపుడు, మధ్య వేళ్లు మొద్దుబారి, చెయ్యి విదిలిస్తే సర్దుకుంటుంటే మణికట్టు దగ్గర నరం నొక్కుకుపోతున్నట్టు. రోజంతా పానా తిప్పేవాళ్లకు ఇది మామూలే. అలాకాకుండా రెండు కాళ్ల వేళ్ల దగ్గర మొదలై పైకి పాకుతుంటే నరాలే దెబ్బతింటున్నాయేమో చూడాలి. పెట్రోల్లో, కొన్ని స్ప్రే క్లీనర్లలో ఉండే హెక్సేన్ సరిగ్గా ఇలాగే చేస్తుంది. షుగర్, బి12 లోపం కూడా ఇలాగే కనిపిస్తాయి కాబట్టి ఆ రెండు పరీక్షలూ చేయించి, అవసరమైతే నరాల పరీక్షకు వెళ్లండి.

ఇక టబ్బు సంగతి. పెట్రోలు ఆవిరి సున్నాకు 40 డిగ్రీల దిగువన కూడా నిప్పు అందుకుంటుంది. అది గాలికన్నా బరువు కాబట్టి నేల మీదుగా పాకి, పక్కన గ్రైండర్ రవ్వ పడినా అంటుకుంటుంది. కిరోసిన్ అంత ప్రమాదం కాదు, 35 డిగ్రీలు దాటాకే దాని ఆవిరి అంటుకుంటుంది. ఎంటీఓలో మామూలు రకానిది 30 దాటితే చాలు. చలికాలంలో ఇవి ఫరవాలేదనిపిస్తాయి. కానీ మే నెలలో మీ రేకుల షెడ్డు కింద 40 దాటుతుంది కదా. ఇలా జిడ్డును కరిగించే సాల్వెంటే కావాలంటే ఫ్లాష్ పాయింట్ (ఆవిరి నిప్పు అందుకునే ఉష్ణోగ్రత) 60 డిగ్రీలకు పైన ఉన్నది, బెంజీన్ లాంటి ఆరోమాటిక్స్ తీసేసినది అడగండి. వాసన తక్కువ, ఆవిరీ తక్కువ. చర్మాన్ని పొడిబార్చే గుణం మాత్రం పోదు, గ్లవ్స్ తప్పవు. ట్రైక్లోరోఇథిలీన్ ఉన్నవి అసలు కొనకండి. అంటుకోవు కదా అని అమ్ముతారు, కానీ అది క్యాన్సర్ కారకం. పైగా క్లోరిన్ ఉన్న సాల్వెంటుతో తడిసిన భాగానికి వెల్డింగ్ పెడితే ఫాస్జీన్ అనే విషవాయువు పుడుతుంది.

కాస్టిక్ సోడా సలహా ఇచ్చినాయన బహుశా ఇనుప సామాన్లే కడిగి ఉంటారు. మీ కార్బురేటర్ బాడీ, క్రాంక్ కేసు, హెడ్డు అన్నీ అల్యూమినియం, జింకు మిశ్రమాలు. కాస్టిక్ వాటిని తినేసి నల్లబరుస్తుంది, ఆ క్రమంలో మండే హైడ్రోజన్ వెలువడుతుంది. చుక్క కంట్లో పడితే చూపు పోవచ్చు. వద్దు.

నా ఓటు నీళ్లలో కలిపే స్వల్ప క్షార క్లీనర్‌కే. మీ పనిలో ఎక్కువ భాగం దానితోనే అయిపోతుంది. అయితే సీసా మీద 'ఎకో', 'గ్రీన్' అని ఉన్నంత మాత్రాన నమ్మకండి. కంపెనీ నుంచి సేఫ్టీ డేటా షీట్ అడిగి తీసుకోండి. 3వ విభాగంలో ఏమేం కలిపారో, 9వ విభాగంలో పీహెచ్ (క్షార గుణం ఎంతో చెప్పే అంకె), ఫ్లాష్ పాయింట్ ఎంతో ఉంటాయి. కలిపాక పీహెచ్ 9, 10 మధ్య ఉంటే అల్యూమినియానికీ చేతికీ సర్దుబాటే. 11.5 దాటితే అది చర్మాన్ని కాల్చే రకం. తుప్పు నిరోధకం కలిసి ఉందో లేదో కూడా చూడండి. షీట్ ఇవ్వలేమన్న దుకాణంలో కొనొద్దు.

మోతాదు డబ్బా మీద ఉన్నదే పాటించాలి. 5 శాతం అని ఉంటే 40 లీటర్ల టబ్బుకు 2 లీటర్ల మందు, 38 లీటర్ల నీళ్లు. ముందు నీళ్లు, తర్వాత మందు. ఇంకాస్త పోస్తే తొందరగా పోతుందని రెట్టింపు చేస్తే జిడ్డు మరీ తొందరగా పోదు గానీ చేతులు మాత్రం పోతాయి. చల్లటి నీళ్లతో పనికాక చాలామంది మళ్లీ పెట్రోలుకే తిరిగి వెళ్తున్నారు. ఈ ద్రవానికి బలం వేడిలోనే ఉంది, 40 నుంచి 45 డిగ్రీలు ఉండాలి. థర్మోస్టాట్, ఎర్త్ కనెక్షన్, ఈఎల్‌సీబీ (కరెంటు లీకైతే సరఫరా ఆపే స్విచ్) లేని హీటరు నీళ్ల టబ్బులో పెట్టకండి. ఎండిన మట్టి, గడ్డకట్టిన గ్రీజు చెక్క గరిటెతో ముందే గీకేసి, పావుగంట నానబెట్టి, ఆ తర్వాత బ్రష్షు. బోరు నీళ్లలో ఉప్పదనం ఎక్కువైతే సామాన్ల మీద తెల్లపొర కడుతుంది, మున్సిపల్ నీళ్లు మేలు. కడిగాక మంచినీళ్లలో జాడించి వెంటనే ఆరబెట్టి పలచటి నూనె పూయాలి. లేదంటే ఇనుము మీద గంటలోపే ఎర్రగా తుప్పు మొదలై, నేరం కెమికల్ మీద పడుతుంది. జెట్లలో, సన్నటి రంధ్రాల్లో మడ్డికి ధ్వని తరంగాలతో మురికి వదిలించే చిన్న అల్ట్రాసోనిక్ క్లీనర్ చాలు, అందులోనూ ఇదే ద్రవం. వారానికోసారి పైన తేలిన నూనె తోడేయండి, పులిసిన వాసన వస్తే మొత్తం మార్చేయండి.

బ్రేక్ షూలు, డ్రమ్ముల దుమ్మును గాలి కొట్టి ఊదకండి. పాత లైనింగుల్లో ఊపిరితిత్తులను దెబ్బతీసే ఆస్బెస్టాస్ నార ఉండే అవకాశం ఉంది. తడి గుడ్డతో తుడిచి, ఆ గుడ్డను కవరులో కట్టి పారేయాలి. మిగతా సామాన్లు ఆరబెట్టడానికి గాలి వాడినా ఒత్తిడి 2 బార్లు మించకూడదు, ఒంటి వైపు అసలు తిప్పకూడదు. కంప్రెసర్ గాలి చర్మం కిందికి దూరితే పైకి చిన్న చుక్కలా కనిపిస్తుంది, లోపల పెద్ద ఆపరేషన్ దాకా వెళ్తుంది.

గ్లవ్స్ నైట్రైల్ అనే కృత్రిమ రబ్బరువి కొనండి. ఆసుపత్రి రబ్బరు గ్లవ్స్ పెట్రోలు తగిలితే ఉబ్బి చిరుగుతాయి. పలచటి నైట్రైల్ ఒకసారి తడిస్తే పారేయాల్సిందే, టబ్బు పనికి మోచేతి దాకా వచ్చే మందం రకం కావాలి. థిన్నర్‌కు మాత్రం నైట్రైల్ కూడా ఎక్కువసేపు ఆగదు. లోపల చెమట పడితే తీసి, చేయి తుడుచుకుని మార్చుకోండి. చెమటతో నానిన చర్మం కూడా పగులుతుంది. ఎన్95 మాస్కు దుమ్మును ఆపుతుంది గానీ ఆవిరిని కాదు. సాల్వెంటు పని గాలి ఆడే చోట, ఆవిరి మీ మొహం వైపు కొట్టని దిక్కున నిలబడి చేయండి.

పని అయ్యాక కిరోసినుతో గానీ, సర్ఫు, ఇసుక కలిపి రుద్ది గానీ చేతులు కడుగుతుంటే ఈరోజే మానేయండి. కొబ్బరినూనె రాసి నలిపితే మడ్డి వదులుతుంది. గుడ్డతో తుడిచి, మామూలు ఒంటి సబ్బు చాలు. తడి ఆరకముందే వాజలిన్ రాయండి. రాత్రి పగుళ్లకు ఇంకాస్త దట్టంగా రాసి నూలు గ్లవ్స్ వేసుకుని పడుకోండి. వాపు, దురద తగ్గడానికి చర్మ వైద్యులు కొద్ది రోజులకు సరిపడా స్టెరాయిడ్ రాస్తారు. వాళ్లు చెప్పినన్నాళ్లే వాడండి. రెండు మూడు వారాల్లో మానినట్టే ఉంటుంది, లోపలి రక్షణ పొర పూర్తిగా కోలుకోవడానికి మాత్రం నెలలు పడుతుంది. ఇంత చేసినా తగ్గకపోతే ప్యాచ్ టెస్ట్ (ఏ పదార్థం పడట్లేదో చర్మం మీద చూసే పరీక్ష) అవసరం. గ్లవ్స్‌లోని రబ్బరు రసాయనమే పడకపోవచ్చు.

వాడేసిన ద్రవాన్ని కాలువలో పోయకండి. వేరే డబ్బాలో నిలవ చేసి, వాడిన ఇంజిన్ ఆయిల్‌తో పాటు అనుమతి ఉన్న రీసైక్లర్లకు ఇవ్వండి. షెడ్డులో 18 నిండని కుర్రాడు పనిచేస్తుంటే మండే ద్రవాల దగ్గర పెట్టడం చట్టప్రకారం నేరం కూడా.

ఏ ద్రవమైనా నీళ్ల బాటిల్లో, కూల్‌డ్రింక్ సీసాలో పోయొద్దు. పైపు నోట్లో పెట్టుకుని పీల్చి తోడొద్దు. పెట్రోలు, కిరోసిన్ మింగినవాళ్లకు వాంతి చేయించకూడదు. వాంతిలో అది ఊపిరితిత్తుల్లోకి దిగితే న్యుమోనియా వస్తుంది. ఉప్పునీళ్లు, పాలు పట్టకుండా 108కి ఫోన్ చేసి, డబ్బా మీది లేబుల్ ఫొటో తీసి ఆసుపత్రికి పట్టుకెళ్లండి. కంట్లో పడితే రెప్పలు తెరిచి కనీసం 15 నిమిషాలు కుళాయి నీళ్లతో కడిగాకే బయల్దేరాలి.