ఆరేళ్ల అమ్మాయికి వయొలిన్ గురువు: రెండుసార్లు వెతికిన ఒక నాన్న జవాబు

మీరు రాజోలు దగ్గర ఉంటారు. ఆరేళ్ల అమ్మాయి వయొలిన్ కావాలంటోంది. చుట్టుపక్కల నేర్పేవారు ముగ్గురున్నారు. వారిలో చిన్నపిల్లలతో నిజంగా అనుభవం ఎవరికి ఉందో ఎలా తెలుస్తుంది, కుదరకపోతే ఆన్‌లైన్‌లో చేర్పించవచ్చా అని అడిగారు. నేను సంగీతం తెలిసినవాణ్ణి కాను. అంబాజీపేటలో కొబ్బరికాయల వ్యాపారం నాది. కానీ మా అమ్మాయికి గురువును వెతికే పని రెండుసార్లు చేశాను. మొదటిసారి తప్పు చేశాను కాబట్టే రెండోసారి చేయవలసి వచ్చింది.

మొదటి మాస్టారి వాయిద్యానికి వంక పెట్టడానికి లేదు. కచేరీలలో పక్కవాద్యం వాయిస్తారు. ఒక సాయంత్రం గుడిలో ఆయన కల్యాణి రాగం వాయిస్తుంటే విని, పని మీద వెళుతున్నవాణ్ణి స్తంభానికి ఆనుకుని నిలబడిపోయాను. ఇంత బాగా వాయించే మనిషికి చిన్నపిల్లకు సరిగమలు చెప్పడం ఒక లెక్కా అనుకున్నాను. నా పొరపాటు అక్కడే మొదలైంది.

రెండో పొరపాటు పూర్తిగా నాదే. వయొలిన్‌లో పావు, అర, ముప్పావు, పూర్తి సైజు అని ఉంటాయి. పావు కంటే చిన్నవి కూడా ఉన్నాయి. ఆరేళ్ల పిల్లకు నేను అర వయొలిన్ కొన్నాను. పరికిణీ కుట్టించేటప్పుడు లోపలికి మడత వేయించినట్టు, ఇది కూడా రెండేళ్లు వస్తుందిలే అనే వ్యాపారి బుద్ధి. ఆయన వద్దనలేదు. ఎనిమిది నెలల్లో తొలి పాఠాలైన సరళీ స్వరాలు, జంట స్వరాలు పుస్తకంలో అయిపోయాయి, పిల్ల చేతిలో మాత్రం కాలేదు. వేళ్లు అందక ఎడమ భుజం చెవిదాకా ఎత్తేది. స్వరం తప్పితే ఆయన "శ్రుతి చూసుకో" అని కసిరేవారు. ఎలా చూసుకోవాలో ఆ పిల్లకు ఎవరూ చెప్పలేదు. క్లాసు ఉన్న రోజు ఉదయం నుంచే కడుపునొప్పి మొదలయ్యేది. నాలుగోసారి కడుపునొప్పి వచ్చాక డాక్టరు దగ్గరకు తీసుకెళ్లడం మానేసి, క్లాసు మాన్పించాను. వయొలిన్ బీరువా మీదికి ఎక్కింది. ఆ ఏడు వానలకు దాని పక్క అతుకు విడిపోయింది కూడా.

రెండో గురువు అమలాపురంలో ఉన్న ఒక పెద్దావిడ. కచేరీలు మానేసి చాలా కాలమైంది, ముప్ఫై ఏళ్లుగా పిల్లలకే చెబుతున్నారు. మొదటి రోజు మేము వయొలిన్ పెట్టె తెరవబోతే వద్దన్నారు. ఆధార స్వరం పలికించే శ్రుతిపెట్టె పెట్టి, పిల్లను ఎదురుగా కూర్చోబెట్టుకొని "స" అన్నారు. మా అమ్మాయి నోరు విప్పలేదు. ఆవిడ మళ్లీ అన్నారు. అలా ఐదారుసార్లయ్యాక పిల్ల సన్నగా అందుకుంది. "పైకి ఉందా, కిందికి ఉందా?" అని ఆవిడ అడిగింది పిల్లను కాదు, నన్ను! నాకు తెలియదన్నాను. "కొబ్బరికాయ ఊపి చెవి దగ్గర పెట్టుకొని నీళ్లు ఎంత ఉన్నాయో చెబుతారు కదా నాన్నగారూ, ఇదీ అంతే, ఇక్కడే కూర్చుని వినండి" అన్నారు. మొదటి మాస్టారి దగ్గర నేను బయట అరుగు మీద ఫోను చూస్తూ కూర్చునేవాణ్ణి. ఆ రోజుతో అరుగు పోయింది.

మూడు వారాలు వయొలిన్ పెట్టెలోంచి బయటికి రాలేదు. పాడటం, తాళం వేయడం, అంతే. ఫీజు కడుతున్నది పాటకా, వయొలిన్‌కా అని ఇంట్లో గొణిగాను కూడా. తరవాత కమాను, అంటే తీగల మీద రాసే కర్ర, పట్టుకోవడం నేర్పించారు. దానికి ముందు కమాను ఇవ్వలేదు, కొబ్బరి ఈనె ఇచ్చారు. వేళ్లతో అలా పట్టుకోవాలి, ఈనె వంగితే గట్టిగా నొక్కుతున్నట్టు లెక్క. మన ఇళ్లలో ఈనెలకు కరవేముంది, పిల్ల అన్నం తింటూ కూడా అదే పట్టుకునేది. ఆ తరవాత నెల రోజుల పాటు వేళ్లు పెట్టకుండా ఖాళీ తీగ మీదే నిడివిగా "స", "ప". మొదటి ఎనిమిది నెలల్లో రాని నాదం ఆ నెలలో వచ్చింది.

మీరు అడిగినదానికి నా జవాబు ఇదే. కచేరీల లెక్క అడగకండి. పిల్ల చేత వాద్యం పట్టించక ముందే పాడించేవారిని వెతకండి. వయొలిన్‌కు వీణలా స్వరం చోటు చూపే మెట్లు ఉండవు. వేలు ఎక్కడ ఆపాలో తీగ చెప్పదు, చెవే చెప్పాలి. చెవిలో స్వరం లేని పిల్లను "శ్రుతి చూసుకో" అంటే, చీకట్లో గోడ చూసుకో అన్నట్టే. కొందరు వేళ్ల చోట్లలో రంగు కాగితాలు అతికిస్తారు. మా టీచరుగారు ఒక్కటి కూడా అతికించనివ్వలేదు. పిల్ల చెవిని వదిలి కంటితో వాయిస్తుందని ఆవిడ భయం.

దీనికి గొప్ప ఉదాహరణ మీకు చించినాడ వంతెన అవతలే ఉంది. మాండొలిన్ శ్రీనివాస్ 1969లో పాలకొల్లులో పుట్టారు. తండ్రి సత్యనారాయణగారు క్లారినెట్ విద్వాంసులు. ఆరేళ్ల వయసులో శ్రీనివాస్ తండ్రి మాండొలిన్ అందుకున్నాడు. గురువు రుద్రరాజు సుబ్బరాజుగారు చెంబై వైద్యనాథ భాగవతార్ శిష్యులు, ఆయనకు మాండొలిన్ వాయించడం రాదు. ఆయన పాడేవారు, పిల్లవాడు విని తీగ మీద పలికించేవాడు. 1978లో గుడివాడ త్యాగరాజ ఉత్సవాలలో తొలి కచేరీ చేసేనాటికి ఆ పిల్లవాడికి తొమ్మిదేళ్లు. వయొలిన్ వాయించడం రానివారి దగ్గర చేర్పించమని నేను అనడం లేదు. కమాను పట్టు, మణికట్టు చూసి దిద్దే మనిషి కావాలి. కానీ నోరు మెదపకుండా వయొలిన్ మాత్రమే నేర్పే గురువు ఆరేళ్ల పిల్లకు సగం గురువే.

అన్నట్టు, ఈ పేర్లు చెప్పి పిల్లలను బెదిరించే బంధువులు మీకూ ఉండే ఉంటారు. మీ పక్కనే ఉన్న శంకరగుప్తంలో పుట్టిన బాలమురళీకృష్ణగారు ఎనిమిదో ఏటనే కచేరీ చేశారని మా పెదనాన్నగారు పండక్కి వచ్చినప్పుడల్లా గుర్తు చేస్తారు. ఆయన ఇంట్లో తండ్రి వేణువు, తల్లి వీణ వాయించేవారని, మా ఇంట్లో వినిపించేది కాయలు ఒలిచే చప్పుడేనని నేను గుర్తు చేస్తాను.

జపాన్‌లో షినిచి సుజుకి అనే వయొలిన్ గురువు చిన్నపిల్లల కోసమే ఒక పద్ధతి పెట్టారు. పిల్లలు మాతృభాష ఎలా నేర్చుకుంటారో సంగీతమూ అలాగే నేర్చుకోవాలని, అంటే ముందు వినాలి, అనుకరించాలి, చదవడం తరవాత అని. అమ్మో నాన్నో క్లాసులో కూర్చుని నేర్చుకుని ఇంట్లో సాధన చేయించాలి. ఆ పేరు మా టీచరుగారి నోట నేను ఎప్పుడూ వినలేదు, ఆవిడ చేయించింది మాత్రం అచ్చం అదే.

ఇక కూర్చోవడం గురించి. మన పద్ధతిలో బాసిపట్టు వేసుకుని, వయొలిన్ ఒక చివర ఎడమ భుజం దగ్గర ఆనించి, చుట్టలా ఉండే తల భాగాన్ని కుడి పాదం మీద ఆన్చుతారు. బరువు అటూ ఇటూ నిలిస్తే ఎడమ చేయి తీగ మీద స్వేచ్ఛగా జారుతుంది, స్వరాన్ని ఊపే గమకం పలుకుతుంది. పిల్లలకు పాదం మీద అది జారిపోతూ ఉంటుంది, దాన్ని ఆపడానికి ఎడమ చేత్తో వయొలిన్ మెడను గట్టిగా పట్టుకుంటారు. అలవాటైతే ఆ పట్టు వదిలించడం కష్టం. మా టీచరుగారు పాదం మీద చిన్న తువ్వాలు మడిచి వేస్తారు. మీరు క్లాసు చూడటానికి వెళ్లినప్పుడు ఇది గమనించండి: గురువు పిల్ల ఎడమ చేతిని ఎన్నిసార్లు చూస్తున్నారు? పుస్తకం వైపు చూస్తూ "తరవాతిది వాయించు" అనేవారైతే రెండోసారి వెళ్లనక్కరలేదు.

చిన్న వయొలిన్‌కు శ్రుతి సంగతి కూడా అనుభవం ఉన్నవారికే తెలుస్తుంది. నాలుగు తీగలను స, ప, స, ప గా కలుపుతారు కదా. పొట్టి తీగను పెద్దవారి శ్రుతికి దించితే వదులై మూలుగుతుంది. మా మొదటి మాస్టారు తన వయొలిన్ శ్రుతికే పిల్లదీ కలిపేవారు. రెండో గురువు పిల్ల గొంతుకు హాయిగా ఉండే చోట, బాగా పైన పెట్టారు. గొంతూ తీగా ఒక్కచోట కలిసేసరికి పిల్ల తనంతట తానే తప్పు పట్టుకోవడం మొదలుపెట్టింది. తీగలు బిగించే బిరడాలు తిప్పి శ్రుతి కలపడం నాకు నేర్పించారు. రెండు తీగలు తెంపాక వచ్చింది. ఇంట్లో ఎవరికో ఒకరికి అది రాకపోతే, వారమంతా పిల్ల తప్పు శ్రుతిలో సాధన చేసి ఆ తప్పునే గట్టి చేసుకుంటుంది.

సాధన ఉదయం పది నిమిషాలు, సాయంత్రం పది నిమిషాలు. అంతకు మించి వద్దన్నారు. మొదట నమ్మలేదు.

గురువును ఎక్కడ వెతకాలంటే, పుష్య బహుళ పంచమికి మన ఊళ్లలో త్యాగరాజ ఆరాధనలు జరుగుతాయి. అక్కడికి వెళ్లి, వేదిక మీద ముందు వరసలో ఉన్నవారిని కాదు, వెనక కూర్చున్న చిన్నపిల్లలను చూడండి. ఎవరి భుజాలు దించుకుని తేలికగా ఉన్నాయో, ఎవరు వాయిస్తూ పెదవులు కదుపుతున్నారో చూసి, వారి గురువు ఎవరని వారి అమ్మానాన్నలను అడగండి. మాకు దొరికింది అలాగే. కాకినాడ, రాజమహేంద్రవరం వెళ్లగలిగితే అక్కడి సభల్లో, సంగీత పాఠశాలల్లో ఇంకా ఎక్కువమంది ఉంటారు, కానీ ఆరేళ్ల పిల్లను వారానికి రెండుసార్లు బస్సులో అంత దూరం తిప్పడం నేను చేయను.

కలిసినప్పుడు ఒక్క ప్రశ్న వేయండి: ఏడేళ్లలోపు చేరి మూడేళ్లు దాటి ఉన్న పిల్లలు మీ దగ్గర ఎంతమంది ఉన్నారు? ఇది గుచ్చి అడిగినట్టు కాకుండా, ఆ పిల్లల క్లాసు ఒకటి చూడవచ్చా అని అడగండి. చూడనివ్వకపోతే అదే జవాబు. ఇంకో గుర్తు చెబుతాను. మా టీచరుగారి గదిలో అటక మీద చిన్న సైజు వయొలిన్లు నాలుగైదు ఉంటాయి. ఒక పిల్ల పెరిగితే తనది అక్కడ ఇచ్చి వెళుతుంది, ఇంకో పిల్ల తీసుకుంటుంది. మా అమ్మాయి పావు వయొలిన్ అలా వచ్చిందే. ఇలాంటి అటక ఉన్న ఇంట్లో పిల్లలకు నేర్పుతున్నారని వేరే ఎవరూ చెప్పనక్కరలేదు.

ఆన్‌లైన్ ఈ వయసుకు వద్దనే అంటాను. ఫోనులో శబ్దం ఆలస్యంగా వస్తుంది కాబట్టి గురువుతో కలిసి వాయించడం కుదరదు, బిగుసుకున్న బొటనవేలిని తెర లోంచి ఎవరూ వదులు చేయలేరు. పదేళ్లు దాటి, చేయి కుదిరాక కొంత పనికొస్తుంది. వానలకు గోదావరి పొంగి దారులు మునిగిన రెండు వారాలు మేమూ ఫోనులోనే నడిపించాం, కానీ అప్పుడు కూడా పాటే, వయొలిన్ కాదు.

మీ అమ్మాయి మనసు వీణ మీదికి మళ్లితే కంగారు పడకండి. వీణకు 24 మెట్లు ఉంటాయి, స్వరం చోటు దొరకడం తేలిక. ద్రాక్షారామంలో పుట్టిన ఈమని శంకరశాస్త్రిగారు, ఆయన శిష్యులు, కాకినాడలో పుట్టిన చిట్టిబాబుగారు ఈ డెల్టా వారే. ఇబ్బంది అల్లా సైజుతోనే, పిల్ల ఒడిలో పట్టదు. పైగా ఎండాకాలంలో మెట్ల కింద మైనం మెత్తబడుతుంది.

వాతావరణం వయొలిన్‌ను కూడా వదలదు. మన వైపు గాలిలో తేమకు వానాకాలంలో బిరడాలు ఉబ్బి బిగుసుకుంటాయి. బలవంతంగా తిప్పితే తీగ తెగుతుంది. వాయించడం అయ్యాక కమాను వెంట్రుకలు వదులు చేయండి, కమానుకు రాసే రోజిన్ పొడి తీగల మీద రాలితే తుడవండి, ఎండలో ఆపిన కారులో పెట్టె వదలకండి. బీరువా మీద పెట్టి మరిచిపోవద్దని నేను వేరే చెప్పాలా.

కొనే ముందు పిల్ల చేయి చాపించి మెడ దగ్గర నుంచి అరచేతి మధ్య దాకా టేపుతో కొలవండి. సుమారుగా 18 అంగుళాలుంటే పావు, 20 ఉంటే అర, 22 ఉంటే ముప్పావు, 23 దాటితే పూర్తి సైజు. ఇది నిలబడి భుజం మీద పెట్టి వాయించేవారి లెక్క, కాబట్టి చివరి మాట గురువుకు వదిలేయండి. అందుకే గురువు కుదిరాకే వయొలిన్ కొనండి, నాలాగా ముందు కాదు. మా అమ్మాయికి ఇప్పుడు తొమ్మిదేళ్లు. పోయిన ఏడాది టీచరుగారు కొలత చూసి "ఇక అర తెచ్చుకోవచ్చు" అన్నారు. బీరువా మీదిది దించి, విడిన అతుకు వేయించాను. ఇప్పుడు సరిగ్గా సరిపోయింది.