సౌత్ డాలస్‌లో లెక్కల టీచర్‌గా చేరబోతున్న నా మేనకోడలికి

అమ్మడూ,

నిన్న రాత్రి మీ నాన్న ఫోన్ చేశాడు. కోపమో దిగులో గొంతుని బట్టి తెలియలేదు. "ఎమ్మెస్ చదివింది, ఈఏడీ, అంటే వర్క్ పర్మిట్, చేతికొచ్చింది, ఇంక మంచి కంపెనీలో చేరుతుందనుకుంటే సౌత్ డాలస్‌లో మిడిల్ స్కూల్ పిల్లలకి లెక్కలు చెప్తానంటోంది. నీ మాటైతే వింటుంది, నువ్వు చెప్పు" అన్నాడు. ఫోన్ పెట్టేశాక చాలాసేపు నిద్ర పట్టలేదు. నా ఉద్యోగమంతా ఇదే ఊళ్లో పబ్లిక్ స్కూళ్లలో లెక్కలు చెప్పడంతోనే గడిచింది కదా, నా దారిలో మా ఇంటి పిల్ల ఒకతి వస్తోందంటే నాకెంత గర్వంగా ఉంటుందో నీకు తెలుసు. కానీ టెన్షన్ కూడా అంతకు తగ్గట్టే ఉంది. మీ నాన్న భయం ఆ ఏరియా గురించి. నాది నీ గురించి.

ముందు తేలికైనవి చెప్పేస్తాను. ఇండియా డిగ్రీకి ఎవాల్యుయేషన్, లెక్కల కంటెంట్ పరీక్ష, ఫింగర్‌ప్రింట్లు, ఇంటర్న్ సర్టిఫికెట్ ఇవన్నీ నీ టీచర్ ట్రైనింగ్ ప్రోగ్రామ్ వాళ్లే దగ్గరుండి చేయిస్తారు. ఈఏడీ రెన్యూవల్ మాత్రం నీ చేతుల్లో ఉన్న పని, ఆరు నెలల ముందు పెట్టుకోవచ్చు కాబట్టి మొదటి రోజే పెట్టు. అది ఫిబ్రవరిలో ఎక్స్‌పైర్ అయిందంటే నువ్వు ఇంట్లో కూర్చుంటావు, పిల్లలు వారానికో సబ్‌స్టిట్యూట్‌తో వర్క్‌షీట్లు నింపుకుంటూ కూర్చుంటారు. ఆ స్కూళ్లలో పిల్లలకి ఇది కొత్త కాదు, నీ వల్ల ఇంకోసారి కాకూడదు.

ఇక ఏరియా. ఐ-30 హైవేకి, ట్రినిటీ నదికి దక్షిణాన ఏముందో మన ఫ్రిస్కో, ఇర్వింగ్ వాట్సాప్ గ్రూపుల్లో ఒక్కసారి కూడా అటు వెళ్లనివాళ్లు చెప్తుంటారు. ఇల్లు కొనేముందు స్కూల్ రేటింగ్ పదికి ఎంతో చూసి, రెండూ మూడూ ఉన్నచోట "ఎవరుంటారో తెలుసుగా" అంటారు. నల్లజాతి వాళ్ల గురించి మన ఇళ్లలో చాటుగా వాడే ఆ మాట నీకూ తెలుసు. అది నీ నోట రాకూడదు, నీ ఇంటికి భోజనానికి వచ్చినవాళ్ల నోటా రానివ్వకు. మొహమాటపడకు, అక్కడికక్కడే అడ్డు చెప్పు. 1964లో పౌరహక్కుల చట్టం వచ్చాకే 1965లో వలస చట్టం మారింది, ఆ గాలిలోనే. అంతకుముందు ఇండియా మొత్తానికి ఏడాదికి వంద వీసాల కోటా ఉండేది. నల్లజాతి వాళ్లు దెబ్బలు తిని తెరిచిన తలుపులోంచి వచ్చాం మనం. ఇది మీ నాన్నకి నేను చెప్తాను, ఎలా చెప్పాలో నాకు తెలుసు.

"వాళ్ల ఇళ్లలో చదువు మీద శ్రద్ధ ఉండదు" అని స్టాఫ్ రూంలోనే నీకు చెప్పేవాళ్లుంటారు. విని ఊరుకోకు. బానిసత్వం రోజుల్లో దక్షిణాది రాష్ట్రాలు చాలావాటిలో బానిసలకి చదువు నేర్పడమే నేరం. ఆ తర్వాత తరాల్లో, 1910ల నుంచి 1930ల దాకా, నల్లజాతి విద్యావేత్త బుకర్ టి. వాషింగ్టన్, వ్యాపారి జూలియస్ రోజెన్‌వాల్డ్ కలిసి మొదలుపెట్టిన పథకంలో నల్లజాతి పిల్లల కోసం ఐదు వేలకి పైగా బడి కట్టడాలు లేచాయి, టెక్సాస్‌లోనే ఐదు వందలకి పైగా. రోజెన్‌వాల్డ్ ఊరికే డబ్బిచ్చి వదల్లేదు, ఊరి వాటా కావాలన్నాడు. పత్తి చేలల్లో కౌలుకి చేసుకునే మనుషులు చందాలేసుకుని, కలప మోసి, రోజెన్‌వాల్డ్ ఇచ్చినదానికి తగ్గకుండా వాళ్లూ ఇచ్చారు. చదువు మీద శ్రద్ధ లేనివాళ్లు చేసే పనా అది?

నల్లజాతి పిల్లలకీ తెల్ల పిల్లలకీ చదువులో కనిపించే తేడా పుట్టుకతో వచ్చిందైతే తగ్గకూడదు కదా, తగ్గింది మరి. జాతీయ పరీక్షల్లో పదమూడేళ్ల పిల్లల రీడింగ్ స్కోర్లలో తెల్ల పిల్లలకీ నల్లజాతి పిల్లలకీ మధ్య 1971లో 39 పాయింట్ల తేడా ఉండేది, 1988 నాటికి 18కి వచ్చింది. ఒక్క తరంలో సగానికి పైగా! స్కూళ్లలో జాతి వేర్పాటు, అంటే నల్ల, తెల్ల పిల్లల్ని విడివిడి బడుల్లో పెట్టడం, తగ్గిన కాలమది, పేద బడులకి కేంద్రం డబ్బు చేరిన కాలమది. ఆ తర్వాత ఆ ఊపు ఆగిపోయింది. మన డాలస్‌లో వేర్పాటు మీద 1970లో వేసిన టాస్బీ కేసు 2003 దాకా కోర్టు పర్యవేక్షణలో నడిచింది, అప్పటికి తెల్లవాళ్లు చాలామంది ఊరి ఉత్తర భాగానికి, సబర్బులకి వెళ్లిపోయారు. ఎనిమిదో తరగతి లెక్కల్లో ఈ మధ్య కూడా దేశం మొత్తమ్మీద తేడా ముప్పై పాయింట్ల చుట్టూనే ఉంది.

1954లో బడుల్లో జాతి వేర్పాటు చెల్లదని సుప్రీంకోర్టు చెప్పిన బ్రౌన్ తీర్పు వచ్చాక జరిగింది కూడా నువ్వు తెలుసుకోవాలి. పిల్లల్ని కలిపారు గానీ టీచర్లని కలపలేదు. నల్లజాతి బడులు మూసేసి, దక్షిణాదిలో, సరిహద్దు రాష్ట్రాల్లో కలిపి పదేళ్లలో దాదాపు 38,000 మంది నల్లజాతి టీచర్లని, ప్రిన్సిపాళ్లని ఇంటికి పంపేశారు. ఆ లోటు ఇంకా పూడలేదు. ప్రాథమిక తరగతుల్లో ఒక్క నల్లజాతి టీచర్ దొరికినా ఆ పిల్లలు హైస్కూల్ పూర్తిచేసి కాలేజీలో చేరే అవకాశం పెరుగుతుందని పరిశోధనల్లో తేలింది. 2016లో వచ్చిన ఇంకో పరిశోధనలో ఒకే పిల్లాడి గురించి ఇద్దరేసి టీచర్లని అడిగారు, నల్లజాతి పిల్లాడైతే అదే జాతి టీచర్ కన్నా మిగతా టీచర్లు తక్కువ ఆశించారు. మిగతా టీచర్లంటే తెల్లవాళ్లే అనుకోకు, నువ్వూ నేనూ కూడా అందులోనే ఉన్నాం. నీ స్కూల్లో పాతికేళ్లుగా చేస్తున్న నల్లజాతి టీచర్ ఒకావిడ ఉండే ఉంటుంది. ఆవిడ పక్కన కూర్చుని లంచ్ చెయ్. క్లాసుకి వెళ్లి వెనక బెంచీలో కూర్చుని చూడనిమ్మని అడుగు. ఏ ట్రైనింగూ నీకు అంత నేర్పదు.

ఇప్పుడు అసలు సంగతి.

అప్పట్లో నేను హైస్కూల్లో తొమ్మిదో తరగతికి ఆల్జీబ్రా 1 చెప్పేదాన్ని, టాక్స్ (TAKS) అనే రాష్ట్ర పరీక్షల రోజులు. ఒక నల్లజాతి అమ్మాయి, ఎప్పుడూ కిటికీ పక్కన కూర్చునేది. ఇచ్చిన పని పది నిమిషాల్లో అయిపోయేది, తర్వాత తల బల్ల మీద పెట్టుకుని పడుకునేది. అడిగితే "అయిపోయింది మిస్" అనేది, నిజంగానే అయిపోయి ఉండేది, అన్నీ కరెక్టే. అనుమానమొచ్చి పాత ఫైలు తెప్పించాను. ఐదో తరగతి లెక్కల్లో కమెండెడ్, అంటే రాష్ట్రం ఇచ్చే పై మెట్టు. ఆరోదాంట్లో మళ్లీ కమెండెడ్. ఆ స్కోరుకి ఏడులో ప్రీ-ఏపీ, అంటే పై స్థాయి లెక్కల క్లాసు, ఎనిమిదిలో ఆల్జీబ్రా ఇవ్వాలి. ఇవ్వలేదు. ఎందుకని చూస్తే ఆరో తరగతి టీచర్ సిఫారసు కాగితంలో రాసిన మాటలు కనిపించాయి. చాలా మంచి పిల్ల, ఇంట్లో చూసుకునేవాళ్లు లేరు, తమ్ముళ్లని తనే చూసుకుంటుంది, ఇంకా ఒత్తిడి పెడితే తట్టుకోలేదు, రెగ్యులర్‌లో ఉంచడం మంచిది, అని.

ఆ టీచర్ నాకు తెలుసు అమ్మడూ. చెడ్డ మనిషి కాదు. చలికాలం వస్తే ఆ పిల్లకి కోటు కొనిచ్చింది ఆవిడే. ప్రేమతోనే రాసింది. అదే ఏడు అంతకన్నా తక్కువ స్కోరు వచ్చిన పిల్లలు కొందరు ఆల్జీబ్రాలోకి వెళ్లారు, వాళ్ల అమ్మానాన్నలు స్కూలుకొచ్చి అడిగారు కాబట్టి. మనవాళ్ల సంగతి చూడు, పిల్లాడికి రెండు మార్కులు తగ్గితే ప్రిన్సిపాల్‌కి ఈమెయిలు, కౌన్సెలర్‌తో మీటింగు, వేసవిలో కోచింగు. ఈ పిల్ల తల్లి రాత్రంతా డౌన్‌టౌన్ ఆఫీసులు తుడిచి తెల్లారి ఇంటికొచ్చేది. మీటింగ్ పొద్దున పది గంటలకి, దాని గురించిన కాగితం పిల్ల బ్యాగులో అడుగున. ఎవరూ ఫోన్ చెయ్యలేదు.

ఎనిమిదిలో ఆల్జీబ్రా పడకపోతే ఏమవుతుందో లెక్క కట్టు. తొమ్మిదిలో ఆల్జీబ్రా 1, పదిలో జామెట్రీ, పదకొండులో ఆల్జీబ్రా 2, పన్నెండులో ప్రీకాలిక్యులస్. కాలిక్యులస్‌కి చోటే లేదు. పదో తరగతిలో జామెట్రీ, ఆల్జీబ్రా 2 రెండూ ఒకేసారి ఇప్పిద్దామని నేనూ కౌన్సెలరూ ప్రయత్నించాం, టైమ్‌టేబుల్ కుదర్లేదు. సమ్మర్ స్కూల్ అంటే తమ్ముళ్లని చూసుకునేదెవరు? అలాగే వెళ్లిపోయింది. ఇంజనీరింగ్‌లో చేరింది, అక్కడ మొదటి సెమిస్టర్ కాలిక్యులస్ క్లాసులో సగంమంది దాన్ని హైస్కూల్లోనే ఒకసారి చదివేసి వచ్చినవాళ్లు. రెండో ఏడు మేజర్ మార్చుకుంది. ఇప్పుడు మంచి ఉద్యోగంలోనే ఉంది, క్రిస్మస్‌కి మెసేజ్ పెడుతుంది. ఒకసారి మాత్రం అడిగింది, నాకు లెక్కలు బాగా వచ్చని ఆరో తరగతిలో ఎవరూ మా అమ్మకి ఎందుకు చెప్పలేదు మిస్, అని. నా దగ్గర జవాబు లేదు.

బాబ్ మోజెస్ అని ఒకాయన, 1960లలో మిసిసిపీలో ప్రాణాలకు తెగించి నల్లజాతి వాళ్లని ఓటర్లుగా నమోదు చేయించిన మనిషి, 1982లో తన కూతురు ఎనిమిదికి వచ్చేసరికి ఆ స్కూల్లో ఆల్జీబ్రా చెప్పడం లేదని తెలిసి తనే వెళ్లి క్లాసులో కూర్చుని చెప్పాడు. అక్కణ్ణుంచి పుట్టిందే ఆల్జీబ్రా ప్రాజెక్ట్. పిల్లల్ని బోస్టన్‌లో రెడ్ లైన్ రైలెక్కించి, ఎక్కిన స్టేషన్‌ని సున్నా అనుకోమని, అటు ప్లస్ ఇటు మైనస్ నేర్పించేవాడు. ఆయనకి ఓటు హక్కూ ఆల్జీబ్రా ఒకే పోరాటం. డాలస్‌లో కూడా ఈ సిఫారసు కాగితాల పద్ధతి మార్చారు. 2019 నుంచి అర్హత ఉన్న పిల్లల్ని ఆరో తరగతిలో ఆటోమేటిక్‌గా ఆనర్స్ లెక్కల్లో వేస్తారు, వద్దనుకుంటే తల్లిదండ్రులే కాగితం రాసివ్వాలి. ఎనిమిదిలో ఆల్జీబ్రా చదివే నల్లజాతి పిల్లల శాతం కొన్నేళ్లలోనే బాగా పెరిగింది. 2023లో రాష్ట్రమంతటికీ చట్టం చేశారు, ఐదో తరగతి లెక్కల్లో పై 40 శాతంలో ఉన్నవాళ్లని అడ్వాన్స్‌డ్‌లో వెయ్యాలని. పిల్లలు మారలేదమ్మా, కాగితం మారింది.

నాకు నీ గురించి భయం ఎక్కడంటే, నువ్వు కూడా ఆ ఆరో తరగతి టీచర్ లాంటిదానివే. నీకు జాలి ఎక్కువ. చిన్నప్పుడు తమ్ముడు ఎక్కాలు రాయలేక ఏడిస్తే వాడి పలక లాక్కుని నువ్వే రాసిచ్చేదానివి, మీ అమ్మ తిడితే "పాపం కదా" అనేదానివి. వాడికి పదమూడో ఎక్కం ఈనాటికీ రాదు. నీ క్లాసులో రాత్రి భోజనం లేక వచ్చిన పిల్లాడుంటాడు, నెలకో ఇల్లు మారే పిల్ల ఉంటుంది. నీ కళ్లలో నీళ్లు తిరుగుతాయి. తిండి పెట్టు, సోషల్ వర్కర్‌కి చెప్పు, చెయ్యగలిగిందంతా చెయ్. లెక్క మాత్రం తేలిక చెయ్యకు. ఏడో తరగతి పిల్లలకి ఏడో తరగతి లెక్కే ఇవ్వు. భిన్నాలు రావు కదా అని నాలుగో తరగతి వర్క్‌షీట్లు తెచ్చి నెల రోజులు కూర్చోబెట్టావంటే ఆ నెల మళ్లీ రాదు. నిష్పత్తులు చెప్తూ దాంట్లోనే ఆ రోజుకి కావాల్సిన భిన్నాలు నేర్పు. కష్టపడనివ్వు, పక్కన నిలబడు, జవాబు చెప్పెయ్యకు.

వాళ్ల ఇంగ్లీషుని చూసి తెలివిని కొలవకు. ఇంట్లో మాట్లాడే ఇంగ్లీషుకి దాని వ్యాకరణం దానికుంది. నేను పలాస నుంచి విశాఖ కాలేజీకి వెళ్లినప్పుడు మన యాసకి క్లాసంతా నవ్వితే ఏడాదిపాటు నోరు విప్పలేదు, లెక్కలు వచ్చి కూడా. నీ క్లాసులో ఎవర్నీ అలా నోరు మూసుకోనివ్వకు. చిన్న విషయాలకి పిల్లల్ని ఆఫీసుకి పంపకు. 2017-18లో దేశంలో నల్లజాతి పిల్లలు పదిహేను శాతమే, సస్పెండైన వాళ్లలో ముప్పై ఎనిమిది శాతం వాళ్లే. బయట కూర్చున్న పిల్లకి నువ్వెంత బాగా చెప్పినా ఏం లాభం?

ఇంకొకటి, మధ్యలో వదిలెయ్యకు. ఇది బతిమాలి చెప్తున్నా. డాలస్‌లో 2015లో ఏస్ అని ఒక కార్యక్రమం పెట్టి, బాగా వెనకబడ్డ స్కూళ్లకి మంచి టీచర్లు వెళ్తే ఏటా వేల డాలర్లు అదనంగా ఇచ్చారు. స్కోర్లు గబగబా పెరిగాయి. పెరిగాయి కదా అని ఆ డబ్బు తీసేస్తే టీచర్లు వెళ్లిపోయారు, స్కోర్లు మళ్లీ పడిపోయాయి. ఆ పిల్లలకి పెద్దవాళ్లు వెళ్లిపోవడం అలవాటైంది, అందుకే అక్టోబర్ దాకా నిన్ను నమ్మరు. నీ పేరు వంకరగా పలుకుతారు, పరీక్షిస్తారు, ఒకరోజు కార్లో కూర్చుని ఏడుస్తావు. ఆ రోజు మా ఇంటికి రా, పప్పుచారు పెట్టి పంపిస్తా, మర్నాడు మళ్లీ వెళ్లాలి. కనీసం మూడేళ్లు ఉండలేననుకుంటే మాత్రం ఇప్పుడే చెప్పు, తిట్టను.

శనివారం వచ్చేటప్పుడు కాంట్రాక్టు కాగితాలు పట్టుకురా, సంతకం పెట్టేముందు ఇద్దరం కూర్చుని చదువుదాం. మధ్యలో మానేస్తే సర్టిఫికెట్ మీద ఏడాది దెబ్బ పడుతుంది, అది ఎక్కడ రాశారో చూపిస్తాను. ఆగస్టులో మొదటి వారంలోనే ప్రతి ఇంటికీ ఫోన్ చెయ్, పిల్లలో నువ్వు గమనించిన మంచి విషయం ఒకటి చెప్పడానికి మాత్రమే, రాత్రి షిఫ్టు తల్లికి ఆమె లేచే టైముకి. అదే వారం నీ పిల్లలందరి ఐదో తరగతి స్టార్ (STAAR, ఇప్పటి రాష్ట్ర పరీక్ష) స్కోర్లు అడిగి తెచ్చుకుని, ఎవరిని ఏ క్లాసులో వేశారో ఒక్కొక్కరిదీ సరిచూడు. స్కోరు ఉండి కూడా రెగ్యులర్‌లో పడినవాళ్లు కనిపిస్తే ఆ రోజే కౌన్సెలర్ దగ్గరికి వెళ్లు. వినకపోతే నాకు ఫోన్ చెయ్, ఎవరిని అడగాలో చెప్తాను.

నీ అత్త