పావు మైలు ట్రాక్‌లో కెమెరా: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: అమెరికాలో నార్త్ కరోలినాలోని విన్‌స్టన్-సేలంలో, బౌమన్ గ్రే స్టేడియంలో శనివారం రాత్రి స్టాక్ కార్ (మామూలు కార్ల రూపంలో ఉండే రేసు కార్లు) రేసులు స్టాండ్‌లో కూర్చుని 70-200 మిల్లీమీటర్ల జూమ్ లెన్స్‌తో తీస్తున్నాను. షట్టర్ వేగం 1/1000 సెకను. ఫోటో పదునుగానే ఉంటోంది, కారు మాత్రం పార్కింగ్‌లో పెట్టినట్టు కనిపిస్తోంది. ఎందుకు?
– ఒక పాఠకుడు, షార్లెట్

జవాబు: ఆ 1/1000 వల్లే. అది ఫుట్‌బాల్ మైదానం చుట్టూ వేసిన పావు మైలు ట్రాక్, అంటే సుమారు 400 మీటర్లు. కారు సెకనుకు 30 మీటర్లు పోతోందనుకుందాం. టైరు చుట్టుకొలత 2.1 మీటర్లయితే చక్రం సెకనుకు 14 సార్లు తిరుగుతుంది. 1/1000లో అది కదిలేది 5 డిగ్రీలే, అందుకే ఆగినట్టు పడుతుంది. 1/125లో 40 డిగ్రీలు తిరుగుతుంది. టైరు మీది అక్షరాలు చెదిరిపోతాయి, వేగం తెలుస్తుంది.

స్ట్రెయిట్‌కు, అంటే ట్రాక్‌లో తిన్నగా ఉండే భాగానికి, ఎదురుగా కూర్చోండి. షట్టర్ 1/125, ఎఫ్/4 (లెన్స్ ఎంత తెరుచుకుంటుందో చెప్పే అంకె), ఐఎస్‌ఓ 3200 (వెలుగుకు కెమెరా స్పందించే స్థాయి)తో మొదలుపెట్టి, లైట్లను బట్టి మార్చుకోండి. ఎక్స్‌పోజర్ మాన్యువల్‌లోనే ఉంచండి. ఆటోలో పెడితే తెల్ల కారు వచ్చినప్పుడు ఫ్రేమ్ నల్లబడుతుంది, నల్ల కారు వచ్చినప్పుడు వెలిసిపోతుంది. పాదాలు మీరు క్లిక్ చేయబోయే చోటు వైపు ఉండాలి. నడుము పైభాగాన్ని వెనక్కి తిప్పి కారును ముందే పట్టుకుని, దాని వెంటే తిరుగుతూ నొక్కండి. నొక్కాక కూడా తిరగడం ఆపకండి, చాలామంది చెడగొట్టేది అక్కడే. కంటిన్యుయస్ ఫోకస్ (కదిలే కారు మీద ఫోకస్‌ను మార్చుకుంటూ పోయేది) పెట్టి, పాయింటును తలుపు మీది నంబర్ దగ్గర నిలపండి. ఇలా కారు వెంట కెమెరా తిప్పడాన్నే ప్యానింగ్ అంటారు. లెన్స్‌లో స్టెబిలైజేషన్‌కు (చేతి వణుకును సరిచేసే ఏర్పాటు) ప్యానింగ్ మోడ్ ఉంటే (కేనన్‌లో మోడ్ 2) అదే వాడండి. 1/60కి దిగాక పదిలో ఒకటి రెండు పదునుగా వచ్చినా సంతోషించాల్సిందే.

మలుపు దగ్గర మాత్రం ఈ పద్ధతి పనిచేయదు. మీరున్నది మలుపు బయట. కారు మీవైపు వస్తూ, అడ్డం తిరిగి, దూరమవుతుంది. ముక్కు ఒక వేగంతో, తోక ఇంకో వేగంతో కదులుతాయి కాబట్టి కెమెరా దేని వెంట తిరిగినా రెండోది చెదురుతుంది. అక్కడ 1/250 నుంచి 1/500 పెట్టి, ఒంటరి కారును వదిలేసి, తలుపులు రాసుకుంటూ వచ్చే రెండు మూడు కార్ల గుంపును తీయండి. ఇంత చిన్న ట్రాక్‌లో అసలు ఆట అదే. హెడ్‌లైట్లు వెలగాలని ఎదురుచూడకండి, అవి ఉత్త స్టిక్కర్లు!

ప్రశ్న: రాత్రి రేసులో వెంటవెంటనే తీసిన ఫ్రేములు కొన్ని తెల్లగా, కొన్ని నారింజ రంగులో వస్తున్నాయి. వైట్ బ్యాలెన్స్ (రంగు సరిచేసే సెట్టింగ్) మార్చినా పోలేదు.
– ఒక పాఠకురాలు, కేరీ

జవాబు: లోపం కెమెరాది కాదు, దీపాలది. అమెరికాలో కరెంటు 60 హెర్ట్జ్. పాత మెటల్ హేలైడ్ దీపాల వెలుగు సెకనుకు 120 సార్లు పెరిగి తగ్గుతుంది, ఒక్కో విడత 8.3 మిల్లీసెకన్లు. 1/1000తో అందులో చిన్న ముక్కే దొరుకుతుంది. అది తగ్గే సమయంలో పడితే ఫ్రేమ్ మసకగా, రంగు మారి వస్తుంది. 1/125కి దిగితే దాదాపు మొత్తం విడత పడుతుంది. షట్టర్ వేగం తగ్గించడానికి వీల్లేకపోతే యాంటీ-ఫ్లికర్ ఆన్ చేయండి. అది వెలుగు ఎక్కువున్న క్షణం కోసం ఆగి షట్టర్ తెరుస్తుంది, బరస్ట్ (వరుసగా ఫోటోలు తీసే) వేగం కాస్త తగ్గుతుంది. ఎలక్ట్రానిక్ షట్టర్‌తో అడ్డ చారలు కూడా రావచ్చు, మెకానికల్ వాడండి. ఇదే చిక్కు మన ఇండియాలో ఫ్లడ్‌లైట్ల కింద వస్తే 1/100 పెట్టాలి, అక్కడ కరెంటు 50 హెర్ట్జ్.

ప్రశ్న: కంచె వల ఫోటోలో పడకుండా ఎలా?
– ఒక పాఠకుడు, రాలీ

జవాబు: ముందు వరుసలు వదిలి, కంచె పైనుంచి ట్రాక్ కనిపించేంత ఎత్తుకు ఎక్కండి. తప్పనిసరిగా వల వెనకే ఉంటే ఎఫ్/2.8, 200 మిల్లీమీటర్లు వాడి, నీడలో ఉన్న భాగం గుండా తీయండి. లైటు పడ్డ తీగ ఎంత మసకబారినా తెల్లటి పొరలా ఫోటో మీద పరుచుకుంటుంది. కంచెను ఆనుకోకండి. రబ్బరు ముక్కలు అక్కడిదాకా ఎగిరొస్తాయి కాబట్టి లెన్స్‌కు హుడ్ ఉండాలి.

ప్రశ్న: వేసవిలో మా అబ్బాయి దగ్గరికి షార్లెట్ వస్తున్నాం. ఫోన్‌తో తీయొచ్చా?
– ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: తీయొచ్చమ్మా. కార్లు పేస్ కారు (ముందు నడిచి వేగాన్ని అదుపులో ఉంచే కారు) వెనక నెమ్మదిగా, జంటలుగా వరుస కట్టినప్పుడు తీయండి. స్క్రీన్ మీద వేలు నొక్కిపట్టి ఎక్స్‌పోజర్ లాక్ చేయండి. డిజిటల్ జూమ్ వద్దు, తర్వాత కత్తిరించుకోవచ్చు. చెవులకు ఫోమ్ ప్లగ్స్ తప్పనిసరి, మనవలు వెంట ఉంటే వాళ్లకు చెవులు మూసే ఇయర్‌మఫ్స్ కొనండి.